ట్రాకును మొద్దుచేయు విధానం

ప్రపంచంలో నేల రెండే రకాలు: పొడి, తడి. మూడోది లేదు. ఇది నా సొంత పాండిత్యం కాదు, ఫారం-7లోని నాలుగో కాలమ్ చెప్పిన సత్యం. అక్కడ రెండు గడులున్నాయి. ఒకదాంట్లో టిక్కు పెట్టాలి. రెండింట్లో పెడితే ఫారం చెల్లదు. ఏదీ పెట్టకపోతే నేల చెల్లదు.

శ్రీరాంపూర్ బొగ్గుబాయిలకు రెండు కిలోమీటర్ల దూరంలో పోశవ్వ అనే రైతు రేగడి చేనుంది. అందులో సగం జూన్ నెలాఖరు దాకా కౌలుకు తీసుకొని, కోడిగుడ్డు ఆకారంలో మట్టి ట్రాకు ఒకటి వేశారు. జిల్లాలో మొట్టమొదటి స్ప్రింట్ కార్ల రేసు దానిమీదే జరగాలి. స్ప్రింట్ కారు అంటే తెలియనివారి కోసం: దానికి తలుపుల్లేవు, హారన్ లేదు. నెత్తిమీద రేకు రెక్క ఉంటుంది గానీ ఎగరదు. మలుపు దగ్గర ముందు చక్రాలు ఒక దిక్కు చూస్తుంటే బండి ఇంకో దిక్కు పోతుంది (మనకు కొత్త కాదు, చాలా పథకాలు ఇట్లాగే నడుస్తాయి). అట్లా జారుతూనే ముందుకు పోవడంలో ఉంది విద్యంతా.

ఈ రేసు కోసం మట్టి మోటారు పందేల జిల్లా మండలి పుట్టింది. మండలికి ఒక నేల స్థితి ఉపసంఘం పుట్టింది. ఉపసంఘం అధ్యక్షులు రాజ్‌కుమార్ గారు. ఆయన పుట్టి బుద్ధెరిగాక చెప్పుకు మట్టి అంటనివ్వలేదు కాబట్టి నేల విషయంలో ఏ పక్షపాతమూ ఉండదని ఎన్నుకున్నారు. మొత్తం ఐదుగురం. పత్రికల కోటాలో నేనొకణ్ని. నా పని చూడడం, చూశాక ఐదో సంతకం పెట్టడం.

రేసుకు పేరిచ్చినవాళ్లు ఏడుగురు. వాళ్లలో ఒకమ్మాయి, భూమిక. నస్పూర్ క్వార్టర్లలో పెరిగిన పిల్ల. వాళ్ల బాపు సారయ్య బాయిపని చేసి రిటైరయ్యాడు. తండ్రీబిడ్డలిద్దరూ రెండేళ్లు కూర్చొని, పాత కారు ఇంజనుకు ఇనుప పైపులు అతికించి ఆ బండిని తయారుచేసుకున్నారు. ఒక డ్రైవింగ్ శిక్షణ కేంద్రంలో శిక్షకురాలి ఉద్యోగం స్పోర్ట్స్ కోటాలో ఖాళీగా ఉంది. జూన్ ముప్పయ్యో తేదీలోపు జిల్లా స్థాయి రేసు ఒక్కటైనా పూర్తి చేసినట్టు సర్టిఫికెట్ ఉండాలి, అంతే. జూలై ఒకటికి భూమికకు వయసు దాటిపోతుంది. మిగతా ఆరుగురికి ఇది సరదా, ఆ పిల్లకు మాత్రం బతుకుదెరువు. (ఈ సంగతి ఉపసంఘానికి తెలుసు. తెలిసినట్టుగా మినిట్స్‌లో రాసి కూడా పెట్టింది.)

మొదటి తేదీ జూన్ ఎనిమిది. ఆ రోజు మిరుగు, అంటే మృగశిర కార్తె మొదలు. మిరుగునాడు వాన పడుతుందని ఉపసంఘం ఊహించలేదు. రేగడి తడిస్తే ఎట్లుంటుందో మా దిక్కువాళ్లకు చెప్పక్కర్లేదు: అడుగేస్తే చెప్పు దానికి, కాలు మనకు. టిక్కు తడి గడిలో పడింది. రేసు వాయిదా. దీన్ని ఎవరూ తప్పుపట్టలేదు, భూమిక కూడా.

రెండో తేదీ పద్నాలుగు. ఐదు రోజులుగా మాడు పగిలే ఎండ. ప్రయోగాత్మకంగా ఒక కారు ఒక్క చుట్టు తిరిగేసరికి లేచిన దుమ్ముకు కారు కనబడలేదు, ట్రాకు కనబడలేదు, అధ్యక్షులవారి చాయ్ మీద మాత్రం మీగడ కట్టింది. టిక్కు పొడిలో పడింది. పొడి అయితే నీళ్లు చల్లాలని పదకొండో రూలు. ట్రాకు మిస్త్రీ చాంద్‌పాషా ట్యాంకరుతో నాలుగు ట్రిప్పులు చల్లాడు. చల్లాక మళ్లీ పరిశీలించాలని పన్నెండో రూలు. పరిశీలించారు. తడి!

“సార్, గవి నేను చల్లిన నీళ్లే. జర ఒక్క గంట ఆగుండ్రి, భూమి గుంజుకుంటది,” అన్నాడు చాంద్‌పాషా.

“ఎవరు తడిపిండ్రనే కాలమ్ ఇండ్ల లేదు పాషా. తడి అంటే తడే,” అన్నారు రాజ్‌కుమార్ గారు.

గంట ఆగడానికి అభ్యంతరమేమీ లేదు గానీ, అప్పటికి ఐదు కావస్తోంది. ఐదు తరువాత నేలకు ఏ స్థితీ ఉండదు.

మూడోసారి జూన్ ఇరవై ఒకటి. ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. అధ్యక్షులవారు తల పైకెత్తకుండా ఫోనులో వాతావరణ యాప్ తెరిచారు. అరవై శాతం వాన అన్నది యాప్. పైకి చూడండి సార్ అని ఎవరో అంటే, ఆకాశం ప్రైవేటు సమాచారమనీ, యాప్ అధికారిక సమాచారమనీ వివరించారు. రాబోయే తడికి కూడా తడి గడే వర్తిస్తుందని తీర్మానం చేసి రేసును వాయిదా వేశారు. వాన రాలేదు. ఆయన ఫోను ఇంకా అత్తగారి ఊరు ఇచ్చోడ వాతావరణమే చూపిస్తున్నదని తరువాత బయటపడింది. ఇచ్చోడలో ఆ రోజు నిజంగానే వాన పడిందట. కాబట్టి నిర్ణయం సరైనదేనని ఇంకో తీర్మానం చేశారు.

ఆ రోజు భూమిక అధ్యక్షులవారి దగ్గరికి వచ్చింది.

“సార్, నాకు ఇంక తొమ్మిది దినాలే ఉన్నయి.”

“ఫికర్ చేయకు బిడ్డా. తొమ్మిది దినాలంటే తక్కువనా? దేవుడు దునియానే ఏడు దినాలల్ల చేసిండట.”

“దేవునికి ఫారం-7 లేకుండె గద సార్,” అన్నది భూమిక. ఆయన నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు.

ఇరవై అయిదో తేదీ పొద్దున అసలు చిక్కు వచ్చి పడింది. ముందురోజు సాయంత్రం ఒక జల్లు పడి ఆగింది, పొద్దున్నే సన్నగా ఎండ కాసింది. పోశవ్వ తన మిగతా సగం చేనులో పత్తి గింజలు పెట్టడానికి వచ్చి, దారిలో వంగి ట్రాకు మీది మట్టి పిడికెడు తీసుకుంది. పిసికితే ముద్దయింది. బొటనవేలితో నొక్కితే పొడిపొడిగా విడిపోయింది.

“పదునైంది పాషా,” అన్నది. “ఇయ్యాల ఇత్తులన్న పడాలె, మీ బండ్లన్న ఉరకాలె. మాపటికల్ల ఇది పోతది.”

పదును అంటే తడీ కాదు, పొడీ కాదు. చక్రం దిగబడదు, దుమ్ము లేవదు, పట్టు దొరుకుతుంది. పత్తిగింజకు ఏది కావాలో స్ప్రింట్ కారుకూ అదే కావాలి. ఫారం నింపాల్సిన చాంద్‌పాషా అబద్ధం రాయడం చేతగాని మనిషి. పొడి గడిలో టిక్కు పెట్టలేకపోయాడు, తడి గడిలోనూ పెట్టలేకపోయాడు. స్కేలు పెట్టి కింద మూడో గడి గీసి, ముత్యాల్లాంటి అక్షరాలతో ‘పదును’ అని రాశాడు.

“గిదేంది పాషా! గడి నువ్వే గీస్తివా?” రాజ్‌కుమార్ గారు ఆ గీతను వేలితో తుడిచి చూశారు.

“మరి నేల గట్లనే ఉన్నది సార్. నన్నేం జేయమంటరు?”

లేని గడిని అర్థం చేసుకునే అధికారం జిల్లా స్థాయిలో లేదు. ఫారాన్ని స్కాన్ చేసి హైదరాబాదులోని నేల స్థితి రాష్ట్ర పర్యవేక్షణాధికారికి పంపారు. అక్కడ ఫారాలను మనుషులు చదవరు. ఒక సాఫ్ట్‌వేర్ వాటిని ఇంగ్లీషులోకి మార్చుకుని, ఇంగ్లీషులో ఆలోచించి, తెలుగులో జవాబిస్తుంది. పదును కత్తికి ఉంటుందని దానికి తెలుసు. నేలకూ ఉంటుందని ఎవరూ చెప్పలేదు, పాపం. ఇరవై ఏడున ఉత్తర్వు వచ్చింది:

“తమ ట్రాకు మిక్కిలి పదునుగా ఉన్నట్లు ఈ కార్యాలయమునకు తెలియవచ్చినది. పదునైన ఉపరితలముపై టైర్లు తెగిపోవుటకును, డ్రైవర్లకు గాయములగుటకును అవకాశము గలదు. కావున ట్రాకును తగు విధముగా మొద్దుచేయించి, మొద్దుచేసిన పిమ్మట ఫోటోలు జతపరచి నివేదిక పంపగలరు.”

అత్యవసర సమావేశం జరిగింది. ఒక్కరూ నవ్వలేదు. (నేను నవ్వాను. మినిట్స్‌లో దగ్గుగా నమోదయింది.) ఆ పదానికి అర్థం అది కాదు సార్ అని చాంద్‌పాషా నెత్తి కొట్టుకున్నాడు. అర్థం మార్చాలంటే పైకి రాయాలి, పైనుంచి జవాబు రావడానికి ఏడు పనిదినాలు. మొద్దు చేయడం సులభం, రోలరుంటే చాలు. ఎంత మొద్దు చేయాలన్నదానిమీద గంటన్నర చర్చ జరిగి, చివరికి ‘సభ్యులు తృప్తి చెందునంత మొద్దు’ అని ఖరారు చేశారు. రెండు రోజులు రోడ్డు రోలరు తిరిగింది. సభ్యులం తృప్తి చెందాం. ఫోటోలు పంపాం. నేల రాతిబండ అయ్యింది.

“మీ నోట్లె మన్నువడ!” అని పోశవ్వ గట్టు మీద నిలబడి తిట్టింది. “అన్నం పెట్టే భూమిని దంచి దంచి బండ చేస్తిరి గదరా! రేపు గిండ్ల పత్తి మొలుస్తదా, మీ తలకాయలు మొలుస్తయా?”

దీన్ని ప్రజల సూచనలు, సలహాల కింద నమోదు చేశారు.

ఇరవై తొమ్మిది సాయంత్రం మళ్లీ జల్లు పడింది. ముప్పయ్యో తేదీ తెల్లారి, ఎవరినీ అడగకుండా, చాంద్‌పాషా ట్రాక్టరుకు గుంటుక కట్టి ట్రాకంతా గీకి, మట్టిని విడగొట్టాడు. భూమిక మిగతా ఆరుగురికీ ఫోన్లు చేసింది. వాళ్లూ మనుషులే, వచ్చారు. తొమ్మిది గంటలకు పోశవ్వ మట్టి పిసికి చూసి, “ఉరికిచ్చుకోండ్రి బిడ్డా,” అన్నది. ఆ రోజుకు దొరికిన అనుమతి అదొక్కటే.

కబురు తెలిసి ఉపసంఘమంతా వచ్చి షామియానా కింద కూర్చున్నాం. ఇరవై చుట్ల రేసు. భూమిక నాలుగో స్థానంలో మొదలుపెట్టింది. పది చుట్ల దాకా నాలుగో స్థానంలోనే ఉంది. అందరూ లోపలి అంచు పట్టుకొని తిరుగుతుంటే అక్కడి మట్టి ఎండి నున్నబడింది, బండ్లు జారడం మొదలయ్యింది. బయటి అంచున పదును ఇంకా ఉందని ఆ పిల్ల ఒక్కతే కనిపెట్టింది. పదకొండో చుట్టులో బయటికి జరిగింది. అయ్యో, దూరం పెరుగుతుంది గదా అని సారయ్య తల పట్టుకున్నాడు. మలుపులో బండి అడ్డంగా తిరిగి, ఆ అడ్డంలోనే ముందుకు దూకింది. ఒకణ్ని దాటింది, పద్నాలుగులో ఇంకొకణ్ని దాటింది. ఆఖరి చుట్టులో మొదటివాడి పక్కనుంచి మట్టి చిమ్ముకుంటూ పోయింది. అబ్బ, ఏం నడిపింది! రాజ్‌కుమార్ గారు షామియానా కింది నుంచి లేచి, చెప్పులతో సహా మట్టిలోకొచ్చి ఈల వేశారు. సారయ్య ఏడ్చాడు. నేనూ లేచి చప్పట్లు కొట్టాను. వెటకారం రాసుకొని బతికేవాడికి ఇది మంచి లక్షణం కాదు.

జూలై రెండున ఉపసంఘం సమావేశం. రెండో అంశం: ‘ముప్పయ్యో తేదీ నాటి సంఘటన’.

మెట్ల దగ్గర భూమిక నన్ను ఆపింది. చేతిలో ముప్పయ్యో తేదీ వేసిన సర్టిఫికెట్ నమూనా, మండలి ముద్ర ఒక్కటే తక్కువ.

“సార్, ఐదుగురిల ఒక్కరు ఒప్పుకోకున్నా రేసు కాలేదన్న తీర్మానం ఆగుతదట. పాషా చాచా చెప్పిండు. మీరు చూసిన్రు గద. రేసు అయ్యింది, నేను చూసిన అని ఒక్క ముక్క రాయుండ్రి. నాకు గంతే చాలు.”

“చూస్తనమ్మా,” అన్నాను.

లోపల రాజ్‌కుమార్ గారు విషయాన్ని చాలా సరళంగా విడమరిచారు. “ఫారం-7 మీద టిక్కు లేదు. టిక్కు లేకుంటే నేల స్థితి తేలలే. స్థితి తేలని నేల మీద రేసు ఎట్లయితది?”

“మరి మనం చూసిందేంది సార్? మీరు ఈల గూడ ఏసిండ్రు,” అన్నాను. అడిగినందుకు నన్ను మెచ్చుకోవచ్చు, ఒకసారి అడిగాను.

“ఏసిన. కాదంటనా? గది ప్రేక్షకునిగ ఏసిన ఈల. ఉపసంఘంగ మనమేం చూడలే.”

‘వాతావరణము అనుకూలించనందునను, నేల స్థితి తేలనందునను రేసు జరగలేదు’ అన్న కాగితం బల్ల చుట్టూ తిరిగింది. నా దగ్గరికి వచ్చేసరికి నాలుగు సంతకాలున్నాయి. దాని కింద ఇంకో కాగితముంది. అజెండాలో ఆరో అంశం: పత్రికల కోటా సభ్యుడిని ఇంకో రెండేళ్లు కొనసాగించుట. రెండు కాగితాలనూ ఒకే పిన్నుతో కుట్టారు. విడివిడిగా కుడితే పిన్నులు దండగ గదా. ఒకే పెన్నుతో రెండింటి మీదా సంతకం పెట్టాను.

బయటికొచ్చేసరికి భూమిక అక్కడే ఉంది. నా ముఖం చూసింది, అడగాల్సిందేమీ మిగల్లేదు. ఆ నమూనా కాగితాన్ని నాలుగు మడతలు పెట్టుకుంది. ఏదో ఒకటి అనాలి గదా.

“శానా మంచిగ నడిపినవ్ బిడ్డా,” అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

“ఎప్పుడు సార్?” అన్నది.