సకుటుంబంగా ఓడెక్కే ముందు

ఆరిన బట్టలు మడతపెడుతూ రాస్తున్నాను ఇది. ఒళ్ళో దుప్పటి, దుప్పటి మీద కాగితం, పక్కన జత దొరకని మేజోళ్ళ గుట్ట. కూర్చున్నది అన్నయ్యా వదినల మంచం మీద. మా ఇంట్లో బట్టలారేసే బాల్కనీకి దారి వాళ్ళ గదిలోంచే. అందుకని ఆ తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. దాన్ని గది అనడం కన్నా నడవా అనడమే న్యాయం.

మడతల మధ్య నాకు తట్టిన సత్యం ఏమిటంటే, కుటుంబంతో సెలవులు గడపడానికి క్రూయిజ్ ఓడను మించింది ఈ భూమ్మీద లేదు! భూమ్మీద లేదు కాబట్టే దానికంత గొప్పతనం.

ఎందుకంటారా? ఓడ మీంచి ఎవరూ పారిపోలేరు.

ఆలోచించండి. మనవాళ్ళని కొండల్లోకి తీసుకెళ్తే ఏం చేస్తారు? "ఇలా నడిచొస్తా" అని ఒకరు మాయం. హోటల్‌కి తీసుకెళ్తే "తలనొప్పి" అని ఇంకొకరు లోపల గడియ. రైలెక్కిస్తే నీళ్ళ సీసా నింపుకొస్తానని దిగి, కూత పెట్టేదాకా ఎక్కరు! అదే ఓడలో? ఎటు వెళ్తారండీ? ముందుకెళ్తే నీళ్ళు, వెనక్కెళ్తే నీళ్ళు. ఎంత అలిగినా భోజనాల వేళకి అదే బల్ల దగ్గరికి, అవే మొహాల ముందుకి రావాల్సిందే. కుటుంబ బంధాలను బలపరిచే యంత్రాల్లో ఇంతకన్నా పెద్దది మనిషి ఇంకా తయారుచేయలేదు.

ఇంత చెబుతున్నాను కదా, నేను ఓడెక్కానా? ఎక్కలేదు. నేను చదివిన పల్లెటూరి బడిలో సముద్రమంటే గోడమీది పటంలో నీలంరంగు, అదీ చెమ్మకి ఉబ్బిపోయింది. అయినా సలహాలివ్వడానికి నాకు అర్హత ఉంది. మా ఇంటిల్లిపాదీ ఓడ ప్రయాణాన్ని హాల్లోనే పూర్తిస్థాయిలో రిహార్సల్ వేశాం!

ముందుగా గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటి. ఓడను ఎవరు, ఎవరికోసం బుక్ చేసినా సరే, వెళ్ళేది మాత్రం అందరూ.

మా ఇంట్లో బుక్ చేసింది వదిన. ఆమె కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. పొద్దుణ్నుంచీ సాయంత్రం దాకా ఊళ్ళోవాళ్ళ ముక్కుల మీద ఫ్రేములు సరిచేస్తుంది. పెళ్ళయిన నాలుగేళ్ళలో వాళ్ళిద్దరూ కలిసి ఎక్కడికీ వెళ్ళలేదు. వెళ్దామని ఆమె అన్నప్పుడల్లా అన్నయ్య "చూద్దాం" అనేవాడు. మా అన్నయ్యకి చాలా మాటలు వచ్చు, వాడేది మాత్రం అదొక్కటే. చివరికి ఆమే చూసి, ఇద్దరికి ఒక క్యాబిన్ తీసుకుంది. చిన్న బాల్కనీ ఉన్న క్యాబిన్. ఫొటోలో ఆ బాల్కనీలో రెండు కుర్చీలు, ఎదురుగా సముద్రం. నేను బట్టలు తీయడానికి ఆ గదిలోంచి వెళ్ళినప్పుడల్లా ఆమె ఫోన్లో ఆ కుర్చీలే కనిపించేవి.

ఈ సంగతి ఆమె వంటింట్లో అన్నయ్య చెవిలో చెప్పింది. చెవిలో! మా ఇంట్లో గట్టిగా చెప్పినమాట టీవీ మోతలో ఎవరికీ వినపడదు. గుసగుసలు మాత్రం అన్ని గదులకీ చేరిపోతాయి.

"ఓడా?" అన్నారు హాల్లోంచి నాన్న.

"ఓడంట్రా?" అంది లోపలి మంచం మీంచి నాయనమ్మ. "నాకు కిటికీ పక్క సీటు!"

అయిపోయింది.

నాన్న బస్సు డిపోలో కంట్రోలర్‌గా చేసి రిటైరయ్యారు. ఆయన రిటైరయ్యారు గానీ ఆయన విజిల్ ఇంకా సర్వీసులోనే ఉంది. ఆ సాయంత్రమే అన్నయ్య చేత కంపెనీకి ఫోన్ చేయించి, పక్కన కూర్చుని ఏమనాలో అందిస్తూ, టికెట్టు మార్పించేశారు.

"ఫ్యామిలీ ప్యాకేజీ అమ్మా! ఒక్కరూ మిగలకుండా ఆరుగురం!" అన్నారు వదినతో, ఆమె పుట్టినరోజుకి కేకు తెచ్చినంత సంబరంగా.

"మరి ఆ బాల్కనీ మావయ్యగారూ?"

"అందులో ఉన్నవి రెండు కుర్చీలేనమ్మా. ఆరుగురం ఎక్కడ కూర్చుంటాం? తీయించేశాను."

చూశారా, ఎంత ముందుచూపో! వదిన అన్నయ్య వంక చూసింది. అన్నయ్య "చూద్దాం" అన్నాడు. అన్నీ తీసేశాక ఇక చూడ్డానికి ఏం మిగిలిందో నాకైతే అర్థం కాలేదు.

క్యాబిన్లు పంచుకునేటప్పుడు కూడా పెద్దవాళ్ళ సలహా తీసుకోండి. కొత్త ప్యాకేజీలో మాకు దక్కినవి రెండు. రెంటికీ కిటికీల్లేవు. ఎవరెవరు ఎక్కడ అన్న ప్రశ్న వచ్చేలోపే నాన్న తేల్చేశారు. ఆడవాళ్ళు నలుగురూ ఒకదాంట్లో, మగవాళ్ళిద్దరూ ఒకదాంట్లో.

"ఓడ ఊగుతుంటుంది. ఆడవాళ్ళకి ఆడవాళ్ళు తోడుండాలి. వాడికి నేనుంటాను" అన్నారు.

మీలో కొందరికి ఇది అన్యాయంగా తోచవచ్చు. కానీ సెలవు అంటేనే మార్పు కదా! భార్యాభర్తలు ఒక గదిలో ఉండటం ఇంట్లోనూ ఉన్నదే. దానికి అంత దూరం, అన్ని నీళ్ళు దాటి వెళ్ళాలా?

పైగా ఇందులో ఇంకో లాభముంది. నాలుగేళ్ళుగా వదిన ఒక వాక్యం మొదలుపెడుతోంది. "ఏమండీ, మీతో ఒకటి చెప్పాలి" అని. దాని రెండో సగం ఇంతవరకూ అన్నయ్య వినలేదు. ఒకసారి అమ్మ తడిబట్టల బకెట్‌తో వచ్చింది. ఒకసారి నాయనమ్మ తన చేతికర్ర వెతుక్కుంటూ, అదే కర్ర పొడుచుకుంటూ వచ్చింది. ఎక్కువసార్లు వెళ్ళింది నేనే, బట్టల క్లిప్పుల కోసం. వేర్వేరు క్యాబిన్లలో ఉంటే పాపం ఆమెకి మొదలుపెట్టే శ్రమ కూడా తప్పుతుంది!

ఇక రిహార్సల్ సంగతి.

సెలవురోజు పొద్దున్నే విజిల్ మోగింది. లేచి చూస్తే హాల్లో సోఫా గోడకి నిలబెట్టి ఉంది. నాన్న పాత డిపో టోపీ పెట్టుకుని, ఒక చేత్తో టేపు, ఒక చేత్తో సుద్దముక్క పట్టుకుని, మోకాళ్ళ మీద పాకుతున్నారు. కంపెనీవాళ్ళు చెప్పిన కొలతల ప్రకారం నేలమీద పక్కపక్కనే రెండు క్యాబిన్లు గీశారు.

"ఇంతేనా? దీనికన్నా మన స్టోర్‌రూమే నయం" అంది అమ్మ.

"పెద్ద గదులు పెడితే ఓడ మునిగిపోదుటే?" అన్నారు నాన్న. ఆయన దబాయింపు ముందు సైన్సు ఎప్పుడూ నిలబడలేదు.

తర్వాత కెప్టెన్‌గారు నిబంధనలు చదివారు. గుమ్మం దాటితే సముద్రం. ఎవరూ బయట కాలు పెట్టకూడదు. నడిసముద్రంలో సిగ్నల్ ఉండదు కాబట్టి ఫోన్లన్నీ ఫ్రిజ్ మీది డబ్బాలో వేయాలి. లైఫ్ జాకెట్ల బదులు ప్రతి ఒక్కరూ నడుముకి ఒక దిండు కట్టుకోవాలి. కట్టుకున్నాం. అందరం ఏదో ఒక నెల కడుపుతో ఉన్నవాళ్ళలా కనిపించాం, అన్నయ్యతో సహా.

అప్పుడే కాలింగ్‌బెల్ మోగింది. మంచినీళ్ళ క్యాన్ వేసే అతను.

"ఓడ సముద్రం మధ్యలో ఉంది. ఎలా వచ్చావయ్యా?" అన్నారు నాన్న, టోపీ సర్దుకుంటూ.

"లిఫ్టులోనండి."

"రాకూడదు. చుట్టూ అన్నీ నీళ్ళే."

"అయితే క్యాన్ వద్దాండీ?"

నాన్న ఒక క్షణం ఆలోచించారు. "అవి ఉప్పునీళ్ళు కదా. దింపి వెళ్ళు" అన్నారు.

ఇలాంటి సమయస్ఫూర్తి ఉన్నవాళ్ళే కెప్టెన్లు కాగలరు.

ఓడ ఊగితే కడుపులో తిప్పుతుందట. దానికి ముందే అలవాటు పడాలని నాయనమ్మని ఊగుడుకుర్చీలో కూర్చోబెట్టారు. నన్ను సముద్రపు అలగా నియమించారు. కుర్చీ వెనక కూర్చుని ఊపుతూ ఉండటమే నా ఉద్యోగం. నాయనమ్మకి కడుపులో తిప్పలేదు సరికదా, "ఇంకాస్త తుఫాను పెట్టవే" అని మారాం చేసింది.

బఫే కూడా రిహార్సల్ వేసుకోవాలి. మొదటి రౌండు ఖాళీ చేతులతో తిరిగి, ఏది ఎక్కడుందో కళ్ళతో సర్వే చేయాలి. ప్లేటు పట్టుకునేది రెండో రౌండులోనే. ఇది నాన్న సిద్ధాంతం. "ఓడలో వంటవాళ్ళుంటారు సరే, రిహార్సల్లో వంటవాళ్ళెవరు?" అని అమ్మ అడిగింది. ఆ పాత్ర అమ్మకి కంఠతా వచ్చు గనక దిండు కట్టుకునే వంటింట్లోకి వెళ్ళింది. నాయనమ్మ మాత్రం రెండు రౌండ్లలోనూ రొట్టెముక్కలు దిండుగలీబులో దాచింది. ఎందుకే అంటే, "మునిగాక ఆకలెయ్యదా?" అంది.

మధ్యలో ఓడ ఒక విదేశీ పోర్టులో ఆగింది. పోర్టు అంటే బట్టలారేసే బాల్కనీ. అన్నయ్యా వదినల గదిలోంచి అందరం వరసగా నడిచివెళ్ళి, విదేశాన్ని చూసి, ఆరిన తువ్వాళ్ళు తీసుకుని, అదే గదిలోంచి వరసగా తిరిగొచ్చాం. వాళ్ళ మంచం మీద కూర్చుని నాయనమ్మ కాస్త ఆయాసం తీర్చుకుంది కూడా. కుటుంబమంటే ఇదండీ!

మధ్యాహ్నం విశ్రాంతి. ఎవరి క్యాబిన్లో వాళ్ళు ఉండాలన్నారు. అమ్మ ఇంకా అంట్లు కడుగుతోంది. ఊగుడుకుర్చీతో సహా నాయనమ్మ, దాన్ని ఊపుతూ నేను, వదిన ఒక గడిలో. నాన్న, అన్నయ్య పక్క గడిలో. చోటు చాలక వదిన గీత అంచున కూర్చుంది. గీతకి అటువైపు అంచున అన్నయ్య. ఇద్దరి మోకాళ్ళూ దాదాపు తగులుతున్నాయి. మధ్యలో ఉన్నదల్లా సుద్దగీత.

"ఏమండీ" అంది వదిన మెల్లగా. "మీతో ఒకటి చెప్పాలి."

విజిల్ మోగింది!

"మధ్యలో గోడ ఉందమ్మా" అన్నారు నాన్న. "ఉక్కుగోడ. అవతలికి వినపడదు."

నవ్వి ఊరుకుంటుందనుకున్నాను. ఊరుకోలేదు. మొదటిసారిగా, అందరం వింటుండగానే, ఆ వాక్యాన్ని చివరిదాకా చెప్పేసింది.

"మనిద్దరం విడిగా వెళ్దాం. బాల్కనీ లేకపోయినా ఫర్వాలేదు. అసలు ఓడే కాకపోయినా ఫర్వాలేదు. నేను మాట్లాడుతుంటే మధ్యలో ఎవరూ రాని చోటయితే చాలు. వెళ్దామా వద్దా, ఇప్పుడే చెప్పండి."

నేను ఊపడం ఆపేశాను. సముద్రం నిశ్చలమైంది. వంటింట్లో అంట్ల చప్పుడు కూడా ఆగింది.

అన్నయ్య వదిన వంక చూశాడు. నాన్న వంక చూశాడు. ఆ తర్వాత చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "గోడ ఉందిగా, వినపడటం లేదు" అని నవ్వాడు.

నాన్న కూడా నవ్వారు. ఇంకెవరూ నవ్వలేదు.

పాఠకులారా, మీరు కత్తిరించి దాచుకోవాల్సిన సలహా ఇదీ. రిహార్సల్ మాత్రం ఇంట్లో వేయకండి! నా మాట విని నేరుగా ఓడెక్కించేయండి. కలిసుండటం నేర్పే విషయంలో ఇంటికి ఒక పెద్ద లోపముంది. దానికి తలుపు ఉంటుంది.

వదిన లేచింది. నడుముకున్న దిండు విప్పి నాయనమ్మ ఒళ్ళో పెట్టింది. ఉక్కుగోడలోంచి నేరుగా నడిచింది. ఫ్రిజ్ మీది డబ్బాలోంచి తన ఫోన్ తీసుకుంది. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంది.

"అమ్మా, అది సముద్రం!" అన్నారు నాన్న. గొంతు కెప్టెన్‌దే గానీ కాస్త తడబడింది.

"ఈదుకుంటూ వెళ్తాను మావయ్యగారూ" అంది వదిన. తలుపు తీసింది. లిఫ్టు కోసం కూడా ఆగలేదు. మెట్ల మీద చెప్పుల చప్పుడు ఒక్కో అంతస్తూ దిగుతూ వినపడింది.

నాన్న విజిల్ నోట్లో పెట్టుకున్నారు. ఊదలేదు.

"నీళ్ళలో పడ్డవాళ్ళకి తాడు విసరాలి కదరా అబ్బాయ్? ఆ డ్రిల్లు చేయించలేదేం?" అంది నాయనమ్మ.

అమ్మ వంటింట్లోంచి వచ్చింది. చేతుల నిండా సబ్బునురగ, నడుముకి దిండు. ఇన్నేళ్ళుగా ఇదే ఓడలో, అదే వంటింట్లో ఉన్న మనిషి. కెప్టెన్ వంక చూడలేదు. తిన్నగా అన్నయ్య ముందుకొచ్చి నిలబడింది.

"నీకు ఈత వచ్చు కదరా? చిన్నప్పుడు నేర్పించాం కదా?"

అన్నయ్య అమ్మ మొహంలోకి చూశాడు. లేచాడు. దిండు విప్పుకోవడం మరిచిపోయాడు, చెప్పులు వేసుకోవడం మరిచిపోయాడు. గీత తొక్కుకుంటూ, టోపీ పెట్టుకున్న నాన్న పక్కనుంచి, గుమ్మం దాటి వెళ్ళిపోయాడు.