తలాపు రాళ్ళ పథకం

వచ్చే ఉగాది తర్వాత వికారాబాద్ జిల్లాలో ఏ ఒక్క పౌరుడికీ ఛాతీలో మంట ఉండబోదని రాష్ట్ర ప్రజా సౌఖ్య మండలి చైర్మన్ చంద్రకాంత్ గారు ప్రకటించారు. ఒకవేళ ఉన్నా, దాన్ని మండలి గుర్తించదని కూడా స్పష్టం చేశారు. తాండూరు ఫంక్షన్ హాలు మారుమోగింది. సభికులంతా అప్పుడే బిర్యానీ మీద మిర్చి బజ్జీలు తిని కూర్చున్నారు కాబట్టి ఒక చెయ్యి ఛాతీ మీద ఉంచుకుని, రెండో చేత్తో ముందు కుర్చీని కొట్టి చప్పట్ల లోటు తీర్చారు.

చంద్రకాంత్ గారు సామాన్యులు కారు. గెలిచే పార్టీలో చేరడం ఎవరైనా చేస్తారు. ఆయన గెలిచిన తర్వాతే చేరతారు. అంత నిదానం మనిషి. అలా ఆయన మారిన ప్రతి పార్టీలోనూ ఆయన వెనకాల కుర్చీలు మోసినవాడు పూడూరు కిష్టప్ప. ఏ పార్టీదైనా ప్లాస్టిక్ కుర్చీ బరువు ఒకటే కాబట్టి కిష్టప్పకు సిద్ధాంతపరమైన ఇబ్బంది ఎన్నడూ రాలేదు.

ఈ మహత్తర ప్రకటనకు మూలపురుషుడు ఆ కిష్టప్పే.

అది ఎలాగంటే, ఆ మధ్య ఒక పెళ్ళిలో కిష్టప్ప కడుపునిండా తిని, కడుపు నిండిన తర్వాత మర్యాద కోసం ఇంకొంచెం తిని, ఇంటికొచ్చి వెల్లకిలా పడుకున్నాడు. కాసేపటికి రొమ్ములో నిప్పుల కుంపటి పెట్టినట్టయింది. తన గుండె ఆగిపోతోందని నమ్మి, సంతాప సభలో చైర్మన్ గారు ఏం మాట్లాడతారో కూడా ఊహించుకున్నాడు. భార్య సంతోషమ్మ ఆటో పిలిచి వికారాబాద్ దవాఖానకు పట్టుకుపోయింది.

అక్కడ డాక్టర్ ప్రియదర్శిని ఈసీజీ తీసి చూసింది.

"గుండెకేం కాలేదు పెద్దయ్యా. మండేది గుండె కాదు."

"మరేందమ్మా? గుండె కాడనే మండుతుంది గదా!"

"కడుపులో పులుపు ఉంటది, యాసిడ్. అన్నం దిగే గొట్టానికీ కడుపుకూ మధ్యల ఒక మూత లాంటిది ఉంటది. అది వదులైతే యాసిడ్ పైకి ఎగదన్నుతది. గొట్టం మండుతది. రాత్రి ఏం తింటరు?"

"జొన్న రొట్టె బిడ్డా."

"ఎన్ని?"

"లెక్కపెట్టే అలవాటు లేదు."

"తిని ఎంతసేపటికి పండుకుంటరు?"

"చెయ్యి కడుక్కున్నంక పండుకుంట. నేను గలీజు మనిషిని కాదు."

డాక్టరమ్మ నవ్వి, చెప్పాల్సినవన్నీ ఓపిగ్గా చెప్పింది. కొంచెం కొంచెం తినమంది. తిన్న మూడు గంటల దాకా నడుం వాల్చొద్దంది. చాయ్, కారం, తంబాకు తగ్గించమంది. తల కింద మెత్తలు ఎన్ని పెట్టుకున్నా లాభం లేదు, మంచానికి తలాపు వైపు, అంటే తల పెట్టే వైపు, కోళ్ళ కింద రెండు రాళ్ళు పెట్టి జానెడు ఎత్తు లేపమంది. గోలీలు కొన్నాళ్ళే వేసుకోమంది. మంటతోపాటు చెమటలు పట్టినా, నొప్పి చేతికో దవడకో పాకినా ఆలోచించకుండా ఉరికి రమ్మంది.

కిష్టప్పకు తిండి తగ్గించమన్నది గుర్తుండలేదు. చాయ్ సంగతి వినబడలేదు. రాళ్ళ సంగతి మాత్రం మనసులో నిలిచింది. రాళ్ళు పెట్టాడని కాదు. నలుగురికి చెప్పుకోవడానికి అది బాగుంది.

ఆ వారమే తాండూరులో చైర్మన్ గారి దర్బారులో చెప్పనే చెప్పాడు. కిష్టప్ప అబద్ధం ఆడడు. ఉన్నదానికి కాస్త పెట్టుబడి పెట్టి పెంచుతాడు, అంతే.

"ఏం జెప్పాలె సార్! తేన్పు వస్తే దాంతోని బీడీ అంటుకునేది. తలాపుకు రెండు రాళ్ళు పెట్టిన. తెల్లారేసరికి మంట పాయె. దవడపన్ను సలుపుతుండె, అది గూడ పాయె."

చైర్మన్ గారు కిటికీలోంచి బయటికి చూశారు. తాండూరులో కిటికీలోంచి ఎటు చూసినా కనబడేది రాయే. పాలిష్ మిషన్ల దగ్గర విరిగిన బండల గుట్టలు ఎండలో మెరుస్తున్నాయి. ఆయన కళ్ళు కూడా మెరిశాయి.

"రాళ్ళేనా? ఇంకేం వద్దా?"

"ఇంకేం వద్దు సార్."

పీఏ గొంతు సవరించుకున్నాడు. "సార్, ఎవరైనా ఎక్స్‌పర్ట్‌ని అడిగితే..."

"కిష్టప్ప కంటే ఎక్స్‌పర్ట్ ఎవడయ్యా? రోగం ఆయనదే గదా!" అన్నారు చైర్మన్ గారు. ఆ వెంటనే కిష్టప్ప భుజం మీద చెయ్యి వేశారు. ఇన్నేళ్ళలో ఆ చెయ్యి అక్కడ పడటం అదే మొదలు. "మన మండలిల ఒక డైరెక్టర్ పోస్టు ఖాళీ ఉన్నది కిష్టప్పా. పథకం సక్సెస్ కానీ, అప్పుడు చూద్దాం."

ఆ రోజు పరిగి బస్సులో నిలబడి ప్రయాణం చేసిన కిష్టప్ప, డైరెక్టర్ అయ్యాక ఇదే బస్సులో కిటికీ పక్కన కూర్చోవచ్చని ఊహించి గర్వంగా రాడ్డు పట్టుకున్నాడు. పెద్ద కోరికలు ఊహించడం కూడా అతనికి అలవాటు లేదు.

ప్రారంభోత్సవం కిష్టప్ప ఇంట్లోనే. తనింట్లో ఒక్క రాయీ లేదని కిష్టప్పకు గుర్తొచ్చేలోగా టెంటు వేశారు, మండలి వాళ్ళే ట్రాక్టరులో రాళ్ళు దింపారు.

కిష్టప్ప గది మంచానికీ మనిషికీ సరిపోతుంది, మూడో వస్తువుకు చోటుండదు. మంచం తలాపు దక్షిణం గోడకు ఆనుకుని ఉంది. కాళ్ళ వైపు గుమ్మం. కెమెరాల వాళ్ళు గుమ్మం దాటి లోపలికి రాలేకపోయారు. చైర్మన్ గారు ప్రజా జీవితంలోకి వచ్చిన నాటి నుంచి కెమెరాకు వీపు పెట్టి ఏ పనీ చేసి ఎరగరు. కనుక గుమ్మం వైపే కూర్చుని, వెలుతురులో, చిరునవ్వుతో, మంచం కాళ్ళ వైపు కోళ్ళ కింద రాళ్ళు పెట్టారు.



"సార్, అది..." అంటూ, అతిథిగా పిలిపించిన డాక్టర్ ప్రియదర్శిని ముందుకొచ్చింది. ఆమె నోరు తెరవగానే పీఏ శాలువా కప్పించాడు. ఆమె రెండోసారి నోరు తెరిచేసరికి చేతిలో జ్ఞాపిక పెట్టి ఫొటోకు నిలబెట్టారు. మూడోసారి బ్యాండు మోగింది.

మండలి ఆఫీసరు మేస్త్రీకి సైగ చేశాడు. మేస్త్రీ సిమెంటు కలిపి రాళ్ళనూ కోళ్ళనూ నేలకు కలిపేశాడు. రాళ్ళ మీద చైర్మన్ గారి పేరు ముందే చెక్కించి తెచ్చారు. పెద్దల పేరున్న రాయి కదలకూడదు కదా.

ఇక మన కిష్టప్ప సంగతి. పడుకుంటే కాళ్ళు అనంతగిరి మీద, తల లోయలో. తిన్న రొట్టె ఒకసారి కిందికి పోయి, ఊరంతా చూసి, మళ్ళీ గొంతు దగ్గరికి వచ్చి పలకరించేది. ఇదివరకు మంట పెళ్ళిళ్ళ సీజనులోనే ఉండేది, ఇప్పుడు సర్కారు సెలవుల్లో కూడా మానలేదు.

"అటు తిరిగి పండుకోరాదు?" అని అడిగేవాడు లేక తనను తానే అడిగాడు.

సంతోషమ్మ వింది. "ఉత్తరం దిక్కు తల పెట్టి పండుకుంటవా? నా ఇంట్ల గసొంటివి నడువయి. కావాలంటే మంచం తిప్పు."

"సిమెంటు ఏసిండ్రు గదనే."

"పగులగొట్టు."

"సారు పేరున్నదే దాని మీద! పేరు మీద గునపం ఏస్తె డైరెక్టర్ పోస్టు ఇస్తడా? జర ఓపిక పట్టు. పదవి రానీ, తెల్లారే గునపం పట్టుకుంట."

"అప్పటిదాంక నువ్వుంటే గదా! డైరెక్టర్ ఫొటోకు దండేసుడైతది నా బతుకు," అని ఆమె చాప తీసుకుని నేల మీద పడుకుంది. కాసేపట్లోనే ఆమె గురక వినబడింది. కిష్టప్పకు ఆ గురక మీద కూడా అసూయ కలిగింది.

పథకం ఊరంతా పాకింది. ఏ ఇంట్లో మంచం ఎటు ఉన్నా కాళ్ళ వైపే రాళ్ళు పెట్టారు, ఎందుకంటే ఫొటోలో అలాగే ఉంది. ఊరంతా నిద్రలేక, పొద్దున్నే చాయ్ హోటల్ దగ్గర ఎర్రటి కళ్ళతో కూర్చునేది. ప్రజల్లో చైతన్యం పెరిగిందని మండలి నివేదించింది.

పక్కింటి మత్తయ్య ఒక్కడే హాయిగా ఉన్నాడు. చర్చికి పోయే మనిషి, ఉత్తరం దక్షిణం పట్టింపు లేదు. రాళ్ళు పెట్టిన నాడే మెత్త తీసి అటు వేసుకుని, తల రాళ్ళ వైపు పెట్టి పడుకున్నాడు. ఈ అక్రమం ఇన్‌స్పెక్షన్‌లో బయటపడింది.

"తల ఇక్కడెందుకు పెట్టినవ్?" అని గద్దించాడు ఆఫీసరు.

"గిట్ల పండుకుంటే మంట రాదు సార్."

"మంట సంగతి తర్వాత. గైడ్‌లైన్స్ ప్రకారం ఇటు కాళ్ళుండాలె. సారు పెట్టింది కాళ్ళ దిక్కు."

"మంట తగ్గాల్నని గదా సార్ పథకం?"

"పథకం సక్సెస్ కావాల్నని. నువ్వొక్కనివి అటు తిరిగితే జిల్లా యావరేజీ ఖరాబైతది." నోటీసు గోడకు అంటించి పోయాడు.

ఆఖరికి విజయోత్సవ సభ వచ్చింది. మొదటి లబ్ధిదారుడి హోదాలో కిష్టప్ప తాండూరులో చైర్మన్ గారింటికి భోజనానికి వెళ్ళాడు. మటన్, జొన్న రొట్టె, నూనెలో తేలే కందిపప్పు, నెయ్యి కారే మిఠాయి. చైర్మన్ గారు స్వయంగా వడ్డించారు.

"నా చేతితోని పెడుతున్న కిష్టప్పా, కాదనకు."

కాదనే అలవాటు కిష్టప్పకు ఏ పార్టీలోనూ లేదు. విస్తరి ఖాళీ అయ్యేసరికి ఊపిరి ఆడలేదు. సభకు ఇంకా టైముందని, పీఏ అతన్ని ఒక గదిలోకి తోసి తలుపేశాడు. ఏసీ గది, చైర్మన్ గారి సొంత గది. మంచం మీద దుప్పటి నేల దాకా వేలాడుతోంది.

ఎలాగూ మండుతుంది, మెత్తటి పరుపు మీదే మండనీ అనుకుని నడుం వాల్చాడు కిష్టప్ప. కళ్ళు మూసుకుని, పళ్ళు బిగించి, మంట కోసం ఎదురుచూశాడు. మంట రాలేదు. ఇంకాసేపు చూశాడు. మటన్ మర్యాదగా కిందికి దిగి తన చోట తాను కూర్చుంది. తర్వాత ఏం జరిగిందో కిష్టప్పకు తెలియదు, నిద్రపోయాడు కాబట్టి.

లేచేసరికి చైర్మన్ గారు గుమ్మంలో ఉన్నారు. బయట మైకులు, విలేకరులు.

"నిద్ర పట్టిందా?"

"మస్తు పట్టింది సార్!"

"గదే మాట బయటికొచ్చి చెప్పు."

కిష్టప్ప చెప్పుల కోసం వంగాడు. కనబడలేదు. దుప్పటి అంచు పైకెత్తాడు. మంచం కింద రెండు రాళ్ళున్నాయి. నున్నటి నీలం బండలు, అంచులు అరిగిపోయిన పాతవి. తలాపు కోళ్ళ కింద. సిమెంటు లేదు. వాటి మీద ఎవరి పేరూ లేదు.

కిష్టప్ప వంగినవాడు వంగినట్టే తల ఎత్తి చూశాడు. చైర్మన్ గారు కూడా చూస్తున్నారు. ఆయన నెమ్మదిగా లోపలికి వచ్చి, మూలనున్న చెప్పులను కాలితో జరిపి, తర్వాత ఏమనుకున్నారో ఏమో, చేత్తోనే తీసి కిష్టప్ప కాళ్ళ ముందు పెట్టారు.

"ఏసుకోండి, డైరెక్టర్ గారూ."

కిష్టప్ప వేసుకున్నాడు.

బయట మైకు ముందు అడిగారు. కిష్టప్ప చెప్పాడు, "మస్తు నిద్ర పట్టింది. మంట లేదు, ఏం లేదు." ఇన్నేళ్ళ రాజకీయ జీవితంలో మైకులో అతను చెప్పిన మొదటి నిజం అదే. దాన్ని కూడా ఎప్పటిలాగే చప్పట్లతో స్వీకరించారు.

ఇంటికొచ్చేసరికి సంతోషమ్మ గునపం తీసి గుమ్మంలో పెట్టింది.

"పదవి వచ్చిందట గదా. ఇగ పట్టు."

"ఇప్పుడెట్ల పడతనే? అప్పుడంటే కార్యకర్తను. ఇప్పుడు డైరెక్టర్ని."

సంతోషమ్మ గునపం లోపల పెట్టి, చాప పరుచుకుంది.

వారం తర్వాత డైరెక్టర్ కిష్టప్ప గారి తొలి తనిఖీ. జీపులో ఆఫీసరు వెనకాల, తను ముందు. నోటీసు ఇచ్చినా మారని లబ్ధిదారుడు ఒకే ఒక్కడున్నాడని ఆఫీసరు చెప్పాడు. జీపు మత్తయ్య ఇంటి ముందే ఆగింది.

"ఇరుకు గది, మీరు బయటుండుర్రి," అని ఆఫీసరును ఆపి, కిష్టప్ప లోపలికి వెళ్ళాడు.

"మత్తయ్యా, తల ఇక్కడెందుకు పెట్టినవ్?" అన్నాడు బయటికి వినబడేలా.

"గిట్లయితే నిద్రొస్తది కిష్టన్నా," అన్నాడు మత్తయ్య.

కిష్టప్ప మంచం వైపు చూశాడు. రాళ్ళ వైపు ఉన్న మెత్త వైపు చూశాడు. రొమ్ము రుద్దుకున్నాడు. తలుపు దగ్గరికి వేశాడు.

బయట ఆఫీసరు ఎండలో నిలబడి, నిలబడి, చివరికి తలుపు తట్టాడు. మత్తయ్య సందులోంచి తల బయటపెట్టి వేలు నోటి మీద పెట్టుకున్నాడు. లోపల గోడ పక్కన డైరెక్టర్ గారి చెప్పులు జతగా సర్ది ఉన్నాయి.

"డైరెక్టర్ గారేరి? ఏం చేస్తుండ్రు?"

"ఇన్‌స్పెక్షన్ నడుస్తుంది సారూ," అన్నాడు మత్తయ్య. "జర సప్పుడు చెయ్యకుర్రి."