మెయిల్‌కు రిలీవర్ దొరికిన రోజు

ఇలా దగ్గరికి జరగండి. ఆ ఫోను కాస్త పక్కన పెట్టండి, అదెక్కడికీ పోదు. ఫిషింగ్ హార్బర్‌లో ఒక కంప్యూటరుకు కడుపుబ్బరం వచ్చిన సంగతి చెబుతాను.

మనిషి వెళ్లలేని చోటికి కూడా మెయిల్ వెళుతుందని పెద్దలు కనిపెట్టారు. కనిపెట్టిన మర్నాటి నుంచీ, మనిషి వెళ్లగలిగిన చోటికి కూడా మెయిలే వెళ్లాలని నిబంధన పెట్టారు. దీన్నే అభివృద్ధి అంటారు.

ఈ అభివృద్ధి మన హార్బర్‌కు కూడా వచ్చింది. అక్కడ మరబోట్ల యజమానుల సంఘం ఆఫీసు కింద ఉంటుంది. బోట్లు సముద్రంలోకి వెళ్లడానికి అనుమతులిచ్చే విభాగం అదే బిల్డింగులో మేడమీద ఉంటుంది. మధ్య పద్దెనిమిది మెట్లు. కాగితం చేత్తో పట్టుకుని ఆ మెట్లెక్కితే పైన పుచ్చుకోరు. మెయిల్ చేస్తే, అది ఏ దేశమో వెళ్లి, అక్కడ కాసేపు కూర్చుని, తిరిగొచ్చి మేడెక్కుతుంది. (మెట్లెక్కడం గుండెకు మంచిదని పై విభాగం గోడకు ఒక పోస్టరు అంటించి ఉంది.)

సంఘానికి గుమాస్తా ఒక్కరే, భీమశంకరరావు గారు. పుట్టింది గోదావరి జిల్లాలో. పనిచేసింది మాత్రం ఇక్కడి ఉక్కు కర్మాగారంలో, బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర, షిఫ్టు ఫోర్‌మన్‌గా, ముప్పై మూడేళ్లు. ఉక్కునగరం క్వార్టర్లో ఉన్నన్నాళ్లూ ఆయన ఇంట్లో కాఫీ కూడా సైరన్ ప్రకారమే కాచేవారు. రిటైరయ్యాక ఇంట్లో కూర్చుంటే కాళ్లు లాగుతున్నాయని ఈ ఉద్యోగంలో చేరారు.

ఫర్నేస్ దగ్గర ఆయన నేర్చుకున్నవి రెండు సంగతులు. వెలిగించినది చల్లారనివ్వకూడదు. చల్లారితే లోపల కరిగినదంతా గడ్డకట్టి కూర్చుంటుంది, ఇక దాన్ని దేవుడు కూడా కదపలేడు. రెండోది, మన షిఫ్టు అయిపోయినా రిలీవర్, అంటే తరువాతి షిఫ్టు మనిషి, వచ్చి ‘నేను చూసుకుంటాను’ అనేవరకు పనిని తెరిచే ఉంచాలి, మూసేసి పోకూడదు.

ఈ రెండింటినీ ఆయన కంప్యూటరుకు కూడా వర్తింపజేశారు. చేరిన రోజున దాన్ని ఆన్ చేశారు. మూడేళ్లయింది. మళ్లీ ఆపలేదు. కరెంటు పోతే పక్క ఐసు ఫ్యాక్టరీ జనరేటరు నుంచి లైను వేయించుకున్నారు. ‘కొత్త మార్పులు చేయాలి, ఒకసారి ఆపి వేయనా?’ అని కంప్యూటరు మర్యాదగా అడిగిన ప్రతిసారీ ‘తరువాత’ అని నొక్కారు. వచ్చిన ప్రతి మెయిల్‌నూ తెరిచారు, తెరిచినదాన్ని రిలీవర్ కోసం అలాగే ఉంచారు. సంఘంలో రెండో గుమాస్తా లేడన్న సంగతి ఆయనకు తెలుసు. అయినా పద్ధతి పద్ధతే.

ఇప్పుడు కంప్యూటరు మెమరీ అంటే ఏమిటో చెబుతాను, భయపడకండి. అది వంటింటి గట్టు లాంటిది. సామాన్లు దాచుకునే అలమార వేరు, పని చేసుకునే గట్టు వేరు. వాడిన గిన్నె అలమారలోకి పోకుండా మూడేళ్లు గట్టు మీదే ఉందనుకోండి, ఇక కూర ఎక్కడ తరుగుతారు? భీమశంకరరావు గారి గట్టు మీద ఆరువందల పన్నెండు గిన్నెలున్నాయి. ఆ మెయిల్ ప్రోగ్రాం పెళ్లి పంక్తిలో ఊరి పెదబాబుగారిలా అటు రెండు విస్తళ్లూ ఇటు రెండు విస్తళ్లూ ఆక్రమించి కూర్చుంది. మిగిలిన ఆవగింజంత చోటులో కంప్యూటరు ఊపిరి పీలుస్తోంది.

అది పూర్తిగా నీలుక్కుపోయిన రోజు జూన్ పద్నాలుగు.

ఆ తేదీ హార్బర్‌లో పసిపిల్లలకు కూడా తెలుసు. అరవై ఒక్క రోజుల వేట నిషేధం ఆ రోజుతో ఆఖరు. అర్ధరాత్రి దాటగానే బోట్లన్నీ ఒక్కసారి బయలుదేరుతాయి. ముందు వెళ్లినవాడికి చేప, వెనక వెళ్లినవాడికి ఉప్పునీళ్లు. సాయంత్రం అయిదు లోపల బోటు వివరాలు మెయిల్‌లో పైకి చేరితే ఆ రోజే అనుమతి. చేరకపోతే మళ్లీ పది రోజుల తరువాతే.

అందరివీ ముందురోజే చేరాయి, చిట్టెమ్మ బోటుది తప్ప. ఆవిడ అరవై రెండేళ్ల మనిషి. చదువు లేదు. భర్త పోయాక బోటు తానే నడిపిస్తోంది. ఎనిమిది మంది కలాసీలు ఆవిడ మీద ఆధారపడి ఉన్నారు. రెండు నెలలు చేపకూర మొహం చూడని ఆ ఎనిమిది కొంపలూ అనుమతి కోసం చూస్తున్నాయి. తెల్లవారుజామునే ఐసు కూడా ఎక్కించేశారు.

“ఏటి రావు బాబూ, ఇంకా ఎల్నేదా?” అంది చిట్టెమ్మ గుమ్మంలోంచే. “బోటులో ఐసు నీళ్లయిపోతన్నాది.”

“వెళ్తుందండీ, తిరుగుతోంది కదండీ,” అన్నారు భీమశంకరరావు గారు, తెర మీద గుండ్రంగా తిరుగుతున్నదాన్ని చూపించి.

“పొద్దున్న పది కాడ్నుంచీ తిరుగుతన్నాది. గానుగెద్దు కూడా ఈపాటికి తొట్టి కాడికొచ్చి కుడితి తాగును.”

అప్పుడాయన మద్దిలపాలెంలో ఉన్న ‘సమగ్ర మెయిల్ సమస్యల పరిష్కార కేంద్రా’నికి ఫోను చేసి స్పీకరు పెట్టారు. ఎత్తినమ్మాయి పేరు స్టెఫీ. గొంతు తేనెలా ఉంది.

“మీ సమస్యను మెయిల్ ద్వారా తెలియజేయండి సార్.”

“ఆ మెయిలే కదలడం లేదమ్మా.”

“అర్థమైంది సార్. కదలడం లేదని మెయిల్ చెయ్యండి.”

ఫర్నేస్ ముందు నిలబడి కూడా చెమటపట్టని మనిషికి అప్పుడు పట్టింది.

ప్రత్యేక పరిస్థితుల్లో ఫోను ఫిర్యాదు కూడా స్వీకరిస్తారట. (ప్రత్యేక పరిస్థితి అంటే, అవతలివాడు ఫోను పెట్టెయ్యకపోవడం.) పదహారంకెల ఫిర్యాదు సంఖ్య ఒక్కసారే చదివింది స్టెఫీ. ఆయన కలం వెతుక్కునేలోపు అయిపోయింది. రెండోసారి చదవడానికి వేరే ఫిర్యాదు పెట్టుకోవాలట.

“నాను సెప్తాను రాసుకో,” అంది చిట్టెమ్మ. “నలబై ఏడు, మా మరిది బోటు నెంబరు. పంతొమ్మిది, మునిగిపోనాదే, ఆ బోటు. తరవాత రెండు సున్నాలు...” అంటూ పదహారూ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది. ఆవిడ మధ్యలో ఎక్కడా గుండ్రంగా తిరగలేదు.

ఫిర్యాదు నమోదైనట్టు వెంటనే రసీదు వచ్చింది. మెయిల్‌లోనే వచ్చింది. (పోవలసినదే కదలడం లేదు, వచ్చేది వస్తూనే ఉంది.) దానితోపాటు ‘మెమరీ పొదుపుగా వాడుట’ అనే నలభై రెండు పేజీల పుస్తకం వచ్చింది. మొదటి పేజీలో మెమరీ వినియోగ పర్యవేక్షణాధికారి సాయిశంకర్ గారు రిబ్బను కత్తిరిస్తున్న పెద్ద రంగుల ఫొటో. ఆ ఫొటో సగం దిగేసరికి కంప్యూటరు మరికాస్త నీలిగింది. రిబ్బను తెగలేదు.

రసీదు అందిందా లేదా అని ఇంకో మెయిల్ వచ్చింది. అందలేదంటే అందలేదని మెయిల్ చేయమని మూడోది వచ్చింది. గట్టు మీద ఆరువందల పదిహేను గిన్నెలయ్యాయి.

ఇక పరిష్కార ప్రక్రియ మొదలైంది. అందులో నలభై ఒక్క స్టెప్పులు. మొదటి స్టెప్పు, కంప్యూటరు మీదేనా? రెండో స్టెప్పు, బల్ల సమతలంగా ఉందా? బల్ల కింద ఒక కాలికి అట్టముక్క పెట్టి ఉందని భీమశంకరరావు గారు నిజాయతీగా ఒప్పుకున్నారు. దాంతో ఫైలు ఫర్నిచర్ విభాగానికి వెళ్లి, అది తమ పరిధి కాదని తేల్చుకుని వెనక్కి రావడానికి గంటన్నర పట్టింది. మూడో స్టెప్పు దగ్గర భోజన విరామం.

మూడున్నరకు అయిదో స్టెప్పులో ఉండగా స్టెఫీ గొంతు తగ్గించింది.

“సార్, ఈ మాట రికార్డు అవడం లేదు. ఒకసారి ఆపేసి మళ్లీ ఆన్ చెయ్యండి. నలభై ఒకటో స్టెప్పు అదే.”

“ముందే చెప్పొచ్చు కదమ్మా?”

“ముందే చెబితే మిగతా నలభై స్టెప్పులు చూసే నలభై మందిని ఏం చేస్తారు సార్?”

భీమశంకరరావు గారు ఫోను కింద పెట్టారు. స్విచ్ వైపు చూశారు. చూపు తిప్పుకున్నారు.

“ఆపనండి,” అన్నారు. “ముప్పై మూడేళ్లలో నా షిఫ్టులో ఏదీ చల్లారలేదండి.”

చిట్టెమ్మ తువ్వాలు నేల మీద పరుచుకుని కూర్చుంది. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేదనిపించింది ఆయనకు.

“సూడు బాబూ. రెండు నెల్లు నా బోటు ఇంజిను ఆపీసి ఉంచినాను. సచ్చిపోనాదేటి? నిన్న ఎయ్యగానే బుర్రుమన్నాది. అంత సవుద్రానికే సెలవిచ్చీసినారు, సేపలు గుడ్లెట్టుకోవాలని. నీ డబ్బా సవుద్రం కన్నా పెద్దదేటి?”

ఆయన దగ్గర ఉన్నదల్లా పద్ధతే.

“ఆపాలంటే రిలీవర్ ఉండాలండి. ఇవన్నీ తెరిచి ఉన్నాయి. ఎవరికి అప్పగించమంటారు?”

“నాకు అప్పగించు. సదువు. నాను గుర్తెట్టుకుంటాను.”

సరేనని ఆయన గుమాస్తా కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. ఒక్కొక్కటే చదివి అప్పగించడం మొదలుపెట్టారు. ‘ఇంతకుముందు పంపిన మెయిల్‌ను పట్టించుకోవద్దని మనవి.’ ‘పట్టించుకోవద్దన్న మెయిల్‌ను పట్టించుకోవద్దని మనవి.’ ‘మూడేళ్ల కిందటి ఉగాది శుభాకాంక్షలు.’ ‘గురువారం సమావేశం లేదు.’ ఏ గురువారమో లేదు. చిట్టెమ్మ చేపలు ఏరినట్టు ఏరుతోంది. “పారీ. పారీ. ఇదీ పారీ. ఆగు, మైఖేలు బోటు ఇంజిను పేరు మార్పా? ఇది ఉంచు, ఆడు నాలుగు నెల్ల బట్టి తిరుగుతన్నాడు.”

ఎక్కువభాగం ఇలాంటివే కావడంతో ఆరువందల పదిహేనింటికీ ముప్పావుగంట కూడా పట్టలేదు. ఉంచవలసినవి నాలుగు తేలాయి. నాలుగూ ఆవిడ తిరిగి అప్పజెప్పింది, తేదీలతో సహా. మూడేళ్లుగా కంప్యూటరు ఆయాసపడుతూ మోసిన బరువంతా కలిపితే అదీ.

అప్పుడాయన ఒక తెల్లకాగితం తీసి షట్‌డౌన్ పర్మిట్ రాశారు. ఆపువారు, భీమశంకరరావు. కారణం, విశ్రాంతి. రిలీవర్, చిట్టెమ్మ. ఆవిడ వేలిముద్ర వేసింది. ‘మనుషులు పనిచేయుచున్నారు, స్విచ్ వేయరాదు’ అని ఎర్ర అట్ట మీద రాసి స్విచ్‌కు దారంతో వేలాడదీశారు. (ఆ గదిలో ఉన్నది వాళ్లిద్దరే. అయినా ప్రమాదాలు చెప్పి రావు.) చెప్పులు విడిచి, ఆపారు.

ఫ్యాను చప్పుడు ఆగింది. మూడేళ్ల తరువాత ఆ గదిలో మొదటిసారి బయట కాకులు వినిపించాయి. ఆయన చేత్తో కంప్యూటరు మీద తాకి చూశారు, జ్వరం తగ్గిందా అన్నట్టు.

“గడ్డకట్టిందేమోనండి,” అన్నారు చిన్నగా.

“ఇప్పుడెయ్యి,” అంది రిలీవర్.

వేశారు. లేచింది. చిట్టెమ్మ బోటు మెయిల్ నాలుగూ నలభై ఏడుకు, మీరు తుమ్మేంత సేపట్లో, వెళ్లిపోయింది.

వెంటనే పైనుంచి జవాబు వచ్చింది. ‘మా కంప్యూటరులో చోటు లేనందున మీ మెయిల్ స్వీకరించబడలేదు.’

భీమశంకరరావు గారు తల పట్టుకున్నారు. చిట్టెమ్మ మాత్రం ఎర్ర అట్ట విప్పి చేత్తో పట్టుకుని పద్దెనిమిది మెట్లూ ఎక్కింది. పైన అనుమతులిచ్చే రాధ మేడమ్ గారు ఉదయం నుంచీ గుండ్రంగా తిరుగుతున్నదాన్ని చూస్తూ కూర్చుని ఉన్నారు. వారిది ఇరవై రెండో స్టెప్పు నడుస్తోంది.

“మేం ఏం చెయ్యలేమమ్మా, మెయిల్ రాలేదు.”

“ఒత్తాది తల్లీ. ముందు మీ డబ్బా ఆపండి,” అంటూ చిట్టెమ్మ అట్ట వేలాడదీసింది. “రిలీవరు నాను. కింద ఒకటి సేసే వొచ్చినాను.”

అనుభవం ఉన్న మనిషి అనుకుని మేడమ్ ఆపారు. మళ్లీ వేశారు. చిట్టెమ్మ కిటికీలోంచి కేకేసింది, కింద ఆయన మళ్లీ పంపారు, అది మేడెక్కింది. నాలుగూ యాభై ఎనిమిదికి అనుమతి వచ్చింది. రాధ మేడమ్ గారు, ఎదురుగా నిలబడ్డ చిట్టెమ్మ చేతికి కాగితం ఇవ్వకుండా, నిబంధన ప్రకారం దాన్ని కిందికి మెయిల్ చేశారు.

ఆ రాత్రి అందరి బోట్లతోపాటు చిట్టెమ్మ బోటూ వెళ్లింది. మర్నాడు భీమశంకరరావు గారికి పరిష్కార కేంద్రం నుంచి రెండు సంగతులు తెలిశాయి. ఒకటి, అయిదో స్టెప్పులో ఉండగానే సమస్యను సొంతంగా పోగొట్టుకున్నందుకు ఆయనకు హెచ్చరిక. రెండోది, ఇకమీదట ఏ కంప్యూటరునైనా ఆపదలచినవారు పది రోజుల ముందు మెయిల్ ద్వారా అనుమతి కోరవలెను, అనుమతి వచ్చేవరకు మెయిల్ ప్రోగ్రాం మూయరాదు.

ఆయన వాటిని ప్రింటు తీసి, ఆ కాగితాన్ని మడిచి, అట్టముక్క స్థానంలో బల్లకాలి కింద పెట్టారు. బల్ల ఇప్పుడు సమతలంగా ఉంది. ఇప్పుడు రోజూ సాయంత్రం అయిదు కాగానే చేపలబుట్టతో చిట్టెమ్మ వస్తుంది, ఏవి మిగిలాయో వింటుంది, ఆయన ఆపేసి ఇంటికి పోతారు. ఇంట్లో వాళ్లావిడ, ఇన్నాళ్లకు మీ షిఫ్టు అయిందా అందట.

ఇదీ సంగతి. గుర్తుపెట్టుకోండి, మీ వాళ్లకు చెప్పండి, వాళ్లను ఇంకొకరికి చెప్పమనండి. ఆ కేంద్రం వాళ్లకు చెప్పినా సంతోషమే, కానీ నోటితోనే చెప్పండి. మెయిల్ చేశారా, అందినట్టు మీకు రిబ్బను ఫొటో వస్తుంది.