ఒక్క బటన్ వైద్యం

పళ్ల డాక్టరుగారు ఆ ఉదయం పేషెంట్లెవరూ రాకముందే క్లినిక్‌కు చేరుకున్నారు. పక్కవీధి బడి హెడ్మిస్ట్రెస్ వస్తానన్నారు. ఏటా బడిపిల్లలందరి పళ్లూ ఎవరికి చూపించాలో తేల్చేది ఆవిడే. గడపలో అడుగుపెట్టగానే కొత్త యంత్రాన్ని చూసి ఆవిడ కళ్లు చెదరాలని డాక్టరుగారి పథకం.

అంతకుముందు అక్కడ ఏ యంత్రమూ లేదు. రిసెప్షనిస్టు "ఏ పన్నండీ?" అని అడిగేది. వచ్చినవాళ్లు బుగ్గ చూపించేవాళ్లు. వరసలో లోపలికి పంపేది. అంతా సాఫీగా జరిగిపోతోంది గనకే దాన్ని మార్చాలని డాక్టరుగారికి బుద్ధి పుట్టింది. గుమ్మం పక్కన నిలువెత్తు తెర వెలిసింది. దాని మీద ఒకే ఒక్క తెల్ల బటన్. నొక్కినవాళ్లకి చీటీ ఇచ్చి, వంతు ప్రకారం పిలవడం దాని పని.

"అక్కర్లేనివన్నీ పీకేశాం సార్," అన్నాడు దాన్ని అమ్మిన సేల్స్‌మన్, బిగించిన రోజున టై సర్దుకుంటూ. "క్యాన్సిల్, వెనక్కి, సహాయం... ఏవీ ఉండవు. జనం తికమకపడేది వాటివల్లే."

"మరి పొరపాటున నొక్కితే?" అని అడిగింది డాక్టరమ్మ. ఆవిడ డాక్టరుగారి భార్య. అదే క్లినిక్‌లో తనూ పళ్లు చూస్తుంది.

"ఉన్నదే ఒక్క బటన్ కదా మేడమ్, పొరపాటెలా వస్తుంది?"

ఆ జవాబుకి డాక్టరుగారు మురిసిపోయారు. డాక్టరమ్మ మాత్రం మురవలేదు.

ఆ ఉదయం హెడ్మిస్ట్రెస్ వచ్చేలోపు ఒకసారి పరీక్షించి చూద్దామని డాక్టరుగారు బటన్ నొక్కారు. యంత్రం టక్కున ఆయన ఫొటో తీసి, చీటీ కక్కి, తీయని గొంతుతో "మీరే మొదటి పేషెంటు. కూర్చోండి," అంది.

"నేను పేషెంటునేంటి?" అంటూ దాన్ని చెరిపేద్దామని మళ్లీ నొక్కారు. "నొప్పి ఎక్కువగా ఉన్నట్టుంది," అంది యంత్రం. మూడోసారి నొక్కారు. "చాలా ఎక్కువగా ఉంది." ఆయనకు ఒళ్లు మండి అరచేత్తో టపటపా బాదారు. తెర ఎర్రబడింది. "అత్యవసరం. కంగారు పడకండి," అని వీధి చివరిదాకా వినబడేలా ప్రకటించింది.

ఈలోగా బెంచీ నిండిపోయింది. హెడ్మిస్ట్రెస్ కూడా వచ్చి, చీటీ తీసుకుని, కళ్లజోడు సవరించుకుని కూర్చున్నారు. ఎవరి పిలుపూ రావడం లేదు. వైద్యం గది తలుపు కూడా యంత్రం చేతిలోనే ఉంది. అది పిలిచినవాళ్లకే తెరుచుకుంటుంది.

"సార్, మీ వైద్యం అయితే గానీ మిగతావాళ్ల వంతు రాదట," అంది రిసెప్షనిస్టు మెల్లిగా.

"నీ కంప్యూటర్లో నా పేరు తీసెయ్యమ్మా!"

"తీసే బటన్ ఉండేది సార్. తీసేశారు."

డాక్టరుగారు మూలకి వెళ్లి సేల్స్‌మన్‌కి ఫోన్ చేశారు. "ఏముంది సార్, చాలా సింపుల్," అన్నాడతను. "లోపలికెళ్లి ఒక ఎక్స్‌రే తీయించుకోండి. పన్ను బాగుంటే కేసు దానంతటదే ముగిసిపోతుంది. నేనూ బయల్దేరుతున్నా."

పన్ను బాగుంటే! డాక్టరుగారి చెయ్యి బుగ్గ మీదికి వెళ్లింది. కుడివైపు దవడపన్ను కొన్నాళ్లుగా ఆయనకు చుక్కలు చూపిస్తోంది. ఎంతోమంది పళ్లు పీకిన ఆ మహానుభావుడికి సూదంటే చచ్చేంత భయం. అందుకే ఎడమవైపు నములుతూ, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా నెట్టుకొస్తున్నారు. ఇప్పుడేమో ముందు నుయ్యి, వెనక హెడ్మిస్ట్రెస్. తప్పక లోపలికి నడిచారు. ఆయన వెనక తలుపు మూసుకుంది.

అప్పటికే లోపలున్న డాక్టరమ్మ ఎక్స్‌రే తీసి చూసి, ఆయన్ని చూసి, మళ్లీ ఎక్స్‌రే చూసింది.

"ఏవండీ, ఇదేంటి?"

"మచ్చ. ఫిల్మ్ మీద మచ్చ."

"మచ్చకి వేళ్లు కూడా ఉన్నాయే! పన్ను మొత్తం పుచ్చిపోయింది."

యంత్రం కూడా ఆవిడ మాటే అంది. "పన్ను తీయాలి. తీసేవరకు తలుపు తెరుచుకోదు." డాక్టరుగారు కుర్చీలోంచి దూకి తలుపు గుంజారు. అది కదల్లేదు. తలుపుకున్న గాజుపలకలోంచి బెంచీ మీదివాళ్లంతా ఆయన్నే చూస్తున్నారు. ముందు వరసలో హెడ్మిస్ట్రెస్.

"రండి, కూర్చోండి," అంది డాక్టరమ్మ సూదిలోకి మందు ఎక్కిస్తూ. "చీమ కుట్టినట్టు ఉంటుంది, అంతే."

"ఆ మాట నేను అందరికీ చెప్పేదే! అది అబద్ధమే!"

ఆ కేకకి బయట ఇద్దరు లేచి వెళ్లిపోయారు.

కాసేపటికి డాక్టరుగారు బుగ్గలో దూది కుక్కుకుని, పరువు పోయిన మొహంతో బయటికొచ్చారు. హెడ్మిస్ట్రెస్ లేచి ఎదురొచ్చారు. బడి చేజారినట్టే అనుకుని ఆయన తల వంచుకున్నారు.

"మా పిల్లల్ని ఇక్కడికే పంపిస్తా," అన్నారావిడ. "ఇన్నేళ్లూ వాళ్లకి భయపడకూడదనే చెప్పాం. ఒక్కరూ నమ్మలేదు. పళ్ల డాక్టరే ఇంతలా ఏడుస్తాడని తెలిస్తే కాస్త ధైర్యం తెచ్చుకుంటారు. కాకపోతే చూసేది మాత్రం డాక్టరమ్మగారు. మీరు పక్కన కూర్చుని భయపడండి, చాలు."

డాక్టరుగారికి సంతోషించాలో సిగ్గుపడాలో తేలకముందే సేల్స్‌మన్ రొప్పుకుంటూ వచ్చాడు. "దీన్ని ఎలా వాడాలో మీకు తెలియలేదు సార్, అంతే! ఇదిగో, ఇలా..." అంటూ అందరూ చూస్తుండగా బటన్ నొక్కాడు.

ఫొటో పడింది. చీటీ వచ్చింది. బెంచీ మీద అందరూ జరిగి అతనికి చోటిచ్చారు.

"అయ్యో, నాకేం లేదండీ! నా పళ్లు శుభ్రంగా ఉన్నాయి!"

"ఆ సంగతి చెప్పడానికి బటన్ లేదండీ," అంది రిసెప్షనిస్టు.

మధ్యాహ్నానికి అతని వంతు వచ్చింది. పాపం, అతనికీ ఒక పిప్పిపన్ను దొరికింది. డాక్టరుగారు నోరు మొద్దుబారి మాట్లాడలేక, చేత్తోనే ఎంతో మర్యాదగా కుర్చీ చూపించారు. తలుపు మూసుకుంది.

సాయంత్రం వాచిన బుగ్గలతో ఇద్దరూ గుమ్మం దాటబోతుంటే, ఈ రోజు వైద్యం ఎలా ఉందో బొమ్మ నొక్కి చెప్పమంది యంత్రం. తెర మీద ఉన్నది ఒకటే బొమ్మ, నవ్వుతూ.