గొడుగు కింద కూజా మొక్క

ఆ ఉదయం శానిటరీ ఇన్‌స్పెక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్యను బస్సెక్కించి రావడం, బాల్కనీలో కుర్చీ వేసుకోవడం, ఎవరిమీదా అరవకుండా పేపరు చివరిదాకా చదవడం. మూడో పని ఆయనవల్ల కాదని ఇంటిల్లిపాదికీ తెలుసు. ఇంటిల్లిపాది అంటే భార్యే.

ఊళ్లో నిలవ నీరు ఎక్కడుంటే ఆయన అక్కడ ఉంటాడు. పాత టైర్లలో, తొట్లలో, కుండీల కింద పళ్ళాల్లో దోసెడు నీళ్ళు కనబడితే చాలు, ఆ ఇంటివాళ్ళకు తలంటి, నోటీసు చేతిలో పెట్టి వస్తాడు. కోప్పడినందుకు జీతమిచ్చే ఉద్యోగం అది. సెలవు రోజుల్లో జీతం లేకుండా కోప్పడేవాడు.

భార్య ఆసుపత్రిలో ఎక్స్‌రే టెక్నీషియన్. కొత్త యంత్రం మీద వారం రోజుల శిక్షణకు పక్క ఊరు వెళుతోంది. బాల్కనీ మూలనున్న కూజా మొక్క దగ్గర నిలబడి, బస్సుకు వేళవుతున్నా కదలదు. ఆకు కొసన తీగ సాగి, తీగ చివర చిన్న కూజా వేలాడి, అందులో పడ్డ పురుగుల్ని తిని బతికే మొక్క అది. పెంచడం ఆవిడకు కొత్త. నెలల తరబడి ఆకులే తప్ప ఒక్క కూజా రాలేదు. ఇన్నాళ్ళకు ఒకటి వచ్చింది, బొటనవేలంత. మూత ఇంకా విచ్చుకోలేదు.

"కుండీ కదపొద్దు. నీళ్ళు పొయ్యొద్దు. దాన్ని చూడండి, అంతే. మూత తెరుచుకునేటప్పటికి నేనొచ్చేస్తా. అది నేను చూడాలి."

"నీళ్ళు పొయ్యకపోతే ఎండిపోదూ?"

"దానికి కావలసిన నీళ్ళు దానికొస్తాయి. మీరు పట్టించుకోకండి."

పట్టించుకోకపోవడం ఎలాగో ఆయనకు ఉద్యోగంలో నేర్పలేదు. బస్సెక్కించి వచ్చి పేపరు తెరిచాడో లేదో, టప్పుమని ఒక చుక్క పడింది. తలెత్తి చూశాడు. పై అంతస్తు ఏసీ గొట్టం సరిగ్గా ఆ మూలకు వంగి, చుక్కచుక్కగా మొక్క మీదే కారుస్తోంది. ఎవడో తన గదిని చల్లబరుచుకుని, ఆ మురికి నీళ్ళను ఈయన భార్య అపురూపంగా పెంచుకుంటున్న మొక్క నెత్తిన పోస్తున్నాడు. ఇన్‌స్పెక్టరు అగ్గిమీద గుగ్గిలమై మెట్లెక్కాడు.

పైన ఉండేది డ్రైవింగ్ మాస్టారు. బ్రేకు తొక్కమంటే యాక్సిలరేటర్ తొక్కేవాళ్ళ పక్కన రోజంతా నవ్వుమొహంతో కూర్చుని, దిగమింగుకున్న కోపమంతా ఇంటికి తెచ్చుకునే మనిషి. ఆయన తలుపు తీసేసరికి ఎదురుగా కందగడ్డలాంటి ముఖం కనబడింది.

"మీ ఏసీ నీళ్ళు మా మొక్క మీద పడుతున్నాయి. కళ్ళు కనబడవా మీకు?"

"అది మీ ఆవిడే..."

"మా ఆవిడ మాట ఎత్తారంటే మర్యాదగా ఉండదు. మాట్లాడేది నాతో మాట్లాడండి."

"మీతోనే అంటున్నానండీ, మీ ఆవిడే కదా..."

"మళ్ళీ అదే మాట. రేపు నోటీసు తెస్తా, దానికి చెప్పుకోండి సమాధానం."

నోటీసు అనే మాట వినగానే మాస్టారు వారమంతా మింగిన కోపం ఒక్కసారిగా పైకి తన్నుకొచ్చింది. "చెప్పేది వినని మనిషితో నాకేంటి? చుక్క పడదు పొండి. మీరొచ్చి బతిమాలినా పడదు" అని తలుపు మూసేశాడు. నిజం సగం దాకా వచ్చి ఆ గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

మాస్టారు మాట మీద నిలబడే మనిషి. సాయంత్రానికల్లా గొట్టానికి ఇంకో గొట్టం తగిలించి పక్కగోడ మీదుగా కిందికి వదిలాడు. ఆ నీళ్ళు పార్కింగులో ఉన్న అపార్ట్‌మెంటు సెక్రటరీ స్కూటరు సీటు మీద పడ్డాయి. మర్నాడు ఆఫీసుకు బయల్దేరిన సెక్రటరీ చూసుకోకుండా ఆ సీటు మీద కూర్చుంది. వెంటనే లేచింది. ప్లంబరు వచ్చి గొట్టాలన్నీ సరిచేసేదాకా ఈ బిల్డింగులో ఎవరూ ఏసీ వెయ్యడానికి వీల్లేదని, ఆ తడి బట్టలతోనే ప్రతి గుమ్మం ముందూ నిలబడి చెప్పింది. దీనికంతటికీ కారణం ఎవరని జనం అడిగారు. మాస్టారు సంతోషంగా కింది అంతస్తు వైపు వేలు చూపించాడు. ఉక్కపోత రోజులు. రెండు రోజులపాటు మెట్ల మీద ఎదురైన ప్రతివాడూ ఇన్‌స్పెక్టరును కొరకొరా చూశాడు.

ఆయనకు అదేం పట్టలేదు. మొక్కను కాపాడానన్న తృప్తిలో ఉన్నాడు. మట్టి ఆరినట్టు కనిపిస్తే, నీళ్ళు పొయ్యొద్దన్న మాట మరిచిపోయి, కుళాయి నీళ్ళు పట్టాడు. ఉత్త కుళాయి నీళ్ళు పోసే అజ్ఞాని కాడు కాబట్టి అందులో క్లోరిన్ బిళ్ళ కూడా వేశాడు. ఆకుల అంచులు మాడాయి. ఏసీ మురికి ఇంకా లోపలే ఉందనుకుని ఇంకో బిళ్ళ వేశాడు. కూజా కొస నల్లబడింది. నీరసమనుకుని పిడికెడు ఎరువు వేశాడు. ముసురు పట్టి వాన మొదలయ్యేసరికి, మేడ మీది దుమ్మంతా కలిసిన నీళ్ళు పడతాయేమోనని కుండీ ఎత్తి హాల్లో పెట్టాడు. మనిషికి ప్రేమ ఉండాలిగాని, ఇంత ఉంటే మొక్కలు బతకవు.

వాన పట్టిన మూడో రోజు సాయంత్రం భార్య ఫోన్ చేసింది.

"చుక్కలు సరిగ్గా పడుతున్నాయా?"

"ఏం చుక్కలు?"

"పైనుంచి. మాస్టారిని బతిమాలి ఆ గొట్టం మొక్క మీదికి తిప్పించా. కుళాయి నీళ్ళలో ఉప్పులుంటాయి, అవి దానికి విషం. ఎరువు వేస్తే వేళ్ళు మాడిపోతాయి. ఏసీ నీళ్ళలో ఉప్పుండదు. అవి పడ్డం మొదలయ్యాకే కూజా వచ్చింది. పడుతున్నాయా, లేదా?"

ఇన్‌స్పెక్టరు హాల్లో ఉన్న కుండీ వైపు చూశాడు. "ఆ... పడుతున్నాయి" అని నీళ్ళు నమిలాడు.

"రేపు మధ్యాహ్నానికి వచ్చేస్తా. ఈ శిక్షణలో ఏం చెప్పారో సగం వినలేదు. దాని మూతే కళ్ళముందు కనబడుతోంది."

తెల్లారగానే కుండీ చంకన పెట్టుకుని ఆయన మెట్లెక్కాడు. ఈసారి మెల్లిగా ఎక్కాడు. మాస్టారు తలుపు తీసి, కుండీని, నల్లబడిన కూజాను, ఇన్‌స్పెక్టరు ముఖాన్ని వరసగా చూశాడు.

"మీ ఆవిడ మాట ఎత్తొచ్చా ఇప్పుడు?"

"ఎత్తండి" అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఆ ఒక్క మాట అనడానికి ఆయనకు ఒళ్ళంతా మండింది. "కాస్త ఏసీ వెయ్యండి. ఈ మట్టిలో ఉన్నదంతా కడగాలి. బకెట్టు నీళ్ళు కావాలి."

"బయట ముసురు. ఎముకలు కొరికే చలి. పైగా సెక్రటరీగారి ఆర్డరు."

"ఆవిడకు నేను చెప్పుకుంటా."

మాస్టారు చాలాసేపు ఆలోచించాడు. అందులో సగం ఆలోచన కాదు, ఆనందం. "వేస్తా. కానీ మీరూ ఇక్కడే కూర్చోవాలి. మీ కోపానికి నేనొక్కణ్ణే ఎందుకు వణకాలి?"

గొట్టాన్ని వెనక్కి లాగి, మాస్టారి బాల్కనీ అంచున కుండీ పెట్టి, దాని మీదికి వదిలారు. జల్లు లోపలికి కొడుతోంది. ఆకాశం నుంచి పడే నీళ్ళ మీద ఇన్‌స్పెక్టరుకు ఎప్పుడూ నమ్మకం లేదు. తన గొడుగు తెచ్చి మొక్కకు పట్టి, పిడిని కటకటాలకు కట్టాడు. తర్వాత ఇద్దరూ గదిలో కిటికీలు మూసుకుని, ఏసీని ఎంత చల్లగా పెట్టొచ్చో అంత చల్లగా పెట్టి, చెరో దుప్పటీ కప్పుకుని ఎదురెదురుగా కూర్చున్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. మధ్యమధ్య ఒకరు తుమ్మితే ఇంకొకరు కసిగా తుమ్మేవారు.

మధ్యాహ్నం భార్య తడిసి ముద్దై దిగింది. ఇంట్లో మొక్క లేదు, మొగుడు లేడు. పైనుంచి తుమ్ములు వినబడుతున్నాయి. వెళ్ళి చూసింది. దుప్పట్లలో ఇద్దరు మగవాళ్ళు నీలుక్కుపోయి ఉన్నారు. బాల్కనీలో జోరున వాన. ఆ వానలో గొడుగు కింద తన మొక్క, దాని మీద గొట్టంలోంచి ఉండీ ఉడిగీ పడుతున్న చుక్కలు.

"గొడుగెందుకు?" అంది.

"వాన పడకుండా" అన్నాడు ఇన్‌స్పెక్టరు, పళ్ళు టకటక కొట్టుకుంటుండగా.

"అది వాన నీళ్ళతో బతికే మొక్క."

మాస్టారు చెయ్యి చాపి ఏసీ ఆపేశాడు.

"వాన లేని రోజుల కోసమని ఏసీ నీళ్ళు అడిగా. రోజుల తరబడి వాన పడుతుంటే దానికి గొడుగు పట్టారా?"

"నీ మొక్క పాడవుతోందనే కదా నేను పోట్లాడింది. నీ కోసమే కదా."

ఆవిడ ఎప్పుడూ గొంతు పెంచే మనిషి కాదు. ఇంట్లో ఆ పని చూసుకోవడానికి వేరే మనిషి ఉండేవాడు. ఆ రోజు పెంచింది.

"నా కోసం కాదు. మీకు ఎవరిమీదో ఒకరిమీద అరవాలి. చేతికి నా మొక్క దొరికింది. నా కోసమే అయితే అరిచే ముందు నాకొక ఫోన్ చేసేవారు. నిన్న నేను చేస్తే అబద్ధం చెప్పారు. పెళ్ళయినప్పట్నుంచీ నా పేరు చెప్పి మీరు పోట్లాడని మనిషి లేడు. ఒక్కసారైనా నన్నడిగారా?"

ఇన్‌స్పెక్టరు నోరు తెరిచాడు. అందులోంచి తుమ్ము వచ్చింది.

ఆవిడ మాస్టారి వైపు తిరిగింది. "మీరైనా చెప్పొచ్చుగా?"

"రెండుసార్లు మొదలుపెట్టానమ్మా. మీ మాట ఎత్తొద్దన్నారు" అంటూ మాస్టారు దుప్పటి తలమీదికి లాక్కున్నాడు.

ఆవిడ గొడుగు తాడు విప్పి మూసేసింది. వాన ధారగా కుండీలోకి దిగింది. ఎరువు రంగు నీళ్ళు అడుగు నుంచి కారాయి, కాసేపటికి తేటపడ్డాయి. ఆవిడ తడుస్తూ అక్కడే నిలబడింది. లోపలికి రమ్మనే ధైర్యం ఇద్దరిలో ఎవరికీ లేకపోయింది.

తర్వాత చాలా రోజులు ఇన్‌స్పెక్టరుకు బాల్కనీలో ప్రవేశం లేదు, పేపరు వంటింట్లో చదువుకున్నాడు. వాన పడితే మాత్రం మేడ మీద గిన్నెలు పరిచి వచ్చేవాడు, ఎవరూ చెప్పకుండానే. మాడిన ఆకులు రాలాయి. కూజా కొసన మచ్చ అలాగే ఉండిపోయింది గాని, కూజా బతికింది. ఒక ఉదయం ఆవిడ కళ్ళముందే మూత మెల్లగా విచ్చుకుంది. ఆవిడ చాలాసేపు ఒంటరిగా చూసి, ఆ తర్వాత మొగుణ్ణి పిలిచింది.

ఆయన వంగి కూజా లోపలికి తొంగిచూశాడు. అడుగున చెంచాడు నిలవ నీరుంది. భార్య వైపొకసారి చూసి, తన ఉద్యోగ జీవితంలో మొదటిసారి ఏమీ అనకుండా లేచి నిలబడ్డాడు.