కుంటుకుంటూ నడిచిన కొలువు

ఒక పెద్ద అడవిలో కుంటడం మర్యాదగా చెలామణీ అయ్యేది.

మొదట్నుంచీ కాదు. మృగరాజుగారి కుడికాలి బొటనవేలు ఎర్రగా వాచి, ఆయన కుంటుకుంటూ కొలువుకి వచ్చిన రోజు నుంచి. మర్నాడు ఆయన మంత్రి, పానకాలు అనే నక్క, తనూ కుంటుకుంటూ వచ్చాడు.

"నీకేమైందయ్యా?" అన్నాడు సింహం.

"ప్రభువుల కాలు అలా ఉంటే మా కాళ్ళు తిన్నగా ఎలా పడతాయండీ?"

సింహానికి కళ్ళు చెమర్చాయి. ఆ సాయంత్రమే పానకాలుకి జలపాతం పక్కనున్న గుహ దక్కింది. ఇంకేముంది, వారం తిరక్కుండా కొలువంతా కుంటసాగింది. దుమ్ములగొండి నాలుగు కాళ్ళతోనూ కుంటేది. గుమాస్తా కుందేలు నిన్న ఏ కాలు కుంటిందో మర్చిపోయి చీవాట్లు తినేది.

వీళ్ళందరిలో నిజంగా నొప్పి ఉన్నది చిరుతపులి గవరయ్యకే. అతను రాజుగారి వంటశాలకి పెద్ద. రాజుగారికి వెళ్ళే ప్రతి కార్జం ముక్కా, ప్రతి ఇప్పసారా కుండా అతను రుచి చూశాకే వెళ్ళాలి. ఆ రుచి చూడ్డంలోనే అతని వేలూ వాచింది. ఎండుటాకు తగిలినా ప్రాణం పోయినంత పనయ్యేది. పళ్ళు బిగబట్టి అడుగులేస్తుంటే కొలువులో మెచ్చుకోళ్ళు.

"ఎక్కడ నేర్చుకున్నారండీ? ఆ కన్నీళ్ళు కూడా ఎంత సహజంగా ఉన్నాయో" అంది దుమ్ములగొండి, కాస్త కుళ్ళుగా.

గవరయ్య భార్య రంగనాయకి ఇక ఊరుకోలేక, అతన్ని కొంగ డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది. డాక్టరమ్మ ఒంటికాలి మీద నిలబడి వేలు పరీక్షించింది. అది ఆవిడకి పుట్టుకతో వచ్చిన అలవాటు. పానకాలు మాత్రం ఆ నిలబడ్డం చూసి ఆవిడకి రాజభక్తి పతకం ఇప్పించాడు.

"ఇది గౌట్. ఒంట్లో యూరిక్ యాసిడ్ పెరిగి, కీలులో గాజుపెంకుల్లా పేరుకుంది. వాపుకి మందిస్తాను, మానకుండా వాడండి. కార్జం, రొయ్యలు, ఇప్పసారా ముట్టద్దు. మాంసం తగ్గించండి. నీళ్ళు బాగా తాగండి. నొప్పి పోయాక రోజూ నడవండి."

"మరి తినడానికి ఏం మిగిలిందండీ?"

"దోసకాయ."

"నేను చిరుతపులిని డాక్టరమ్మా."

"ఆ సంగతి దోసకాయకి చెప్పకండి" అంది కొంగ.

మొదట్లో నరకమే. వంటశాలలో వాసన చూసి సరిపెట్టుకునేవాడు. ఇంటికొచ్చి దోసకాయని కోపంగా కొరికేవాడు. రంగనాయకి నీళ్ళకుండ ముందు పెట్టి, ఖాళీ అయ్యేదాకా కదిలేది కాదు. అలా వర్షాకాలం గడిచింది. ఒక పొద్దున లేచి కాలు కింద పెడితే ఏమీ కాలేదు. గట్టిగా అదిమి చూశాడు. అయినా ఏమీ కాలేదు. ఆ సంబరంలో దారిలో ఉన్న వాగుని ఒక్క గంతులో దూకి, తిన్నగా నడుచుకుంటూ కొలువులోకి వచ్చేశాడు.

కొలువు బిత్తరపోయింది.

"గవరయ్యగారూ, కుంటడం మర్చిపోయినట్టున్నారు" అన్నాడు పానకాలు.

"తగ్గిపోయిందండీ."

"ప్రభువులకి తగ్గకుండా మీకెలా తగ్గుతుంది? ఇది ధిక్కారం."

అప్పటికప్పుడు విచారణ సంఘం వేశారు. సభ్యులు కుంటుకుంటూ వచ్చి కూర్చుని తీర్పు చెప్పారు. వేలు మళ్ళీ వాచేదాకా గవరయ్య కార్జం తిని, ఇప్పసారా తాగాలి. లేదంటే ఉద్యోగం వదులుకోవాలి.

ఎదురుగా కుండ పెట్టారు. గవరయ్యకి నోరూరింది. అంతలోనే వేలు జలదరించింది.

"ఉద్యోగమే వదులుకుంటానండీ. ఆ నొప్పి మళ్ళీ నావల్ల కాదు" అని వెనుదిరిగాడు.

సింహం అతని నడకనే చూస్తున్నాడు. "ఆగవయ్యా. ముందు నువ్వేం తిన్నావో చెప్పు" అన్నాడు.

గవరయ్య ఉద్యోగం నిలిచింది, ఆ రోజు నుంచి రాజుగారికీ పథ్యం మొదలైంది. వంటశాల పద్ధతులు మాత్రం మారలేదు. కార్జం పళ్ళెం ఎప్పట్లాగే వచ్చేది, రాజుగారు ముట్టకుండా పక్కకి తోసేవారు. "ప్రభువుల ప్రసాదం పారేయకూడదు" అని పానకాలు దాన్ని గుహకి పట్టుకుపోయేవాడు. వెంట ఇప్పసారా కుండ కూడా.

చలికాలం వెళ్ళేసరికి సింహం కాలు బాగుపడింది. ఇకమీదట కొలువులో అందరూ తిన్నగా నడవాలని చాటింపు వేయించాడు. కుందేలు హాయిగా ఊపిరి పీల్చుకుంది. పానకాలు ఒక్కడే కుంటుతూ వచ్చాడు.

"నిజంగానే నొప్పి ప్రభూ. అడుగు వేయలేకపోతున్నాను."

"ఇంక చాలించు పానకాలూ. అతి చేస్తున్నావు" అన్నాడు సింహం.

ఎవరూ నమ్మలేదు. మంత్రి పదవి మధ్యాహ్నానికల్లా పోయింది. గవరయ్య మాత్రం ఆ వేలి ఎరుపు చూసి గుర్తుపట్టాడు. దగ్గరికెళ్ళి భుజం ఇచ్చాడు.

"డాక్టరమ్మ మరీ కఠినమా?" అనడిగాడు పానకాలు నీరసంగా.

"నయం చేస్తుంది లెండి. నెమ్మదిగా నడవండి."

నీతి: దొరగారి జబ్బు ఎంతైనా నటించవచ్చు గాని, దొరగారి భోజనం జోలికి పోకూడదు.