ఎవరి పంది? ఏం పండు?

పరీక్ష గురువారం. ఆదివారం పొద్దున ఖియెమ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ తాగాలి, గంజి కాచాలి, ఆ గంజితో కాగితాలు అంటించాలి. ఊరు లేవకముందే ఇంట్లోకి వచ్చేయాలి.

ఖియెమ్‌ది వియత్నాంలో సే అనే పడవల రేవు. సున్నపురాతి గుట్టల నడుమ పారే ఏట్లో, వెనక్కి వాలి కాళ్లతో తెడ్లు వేస్తూ ముప్ఫై ఏళ్లుగా యాత్రికుల్ని గుహల దాకా తిప్పుతున్నాడు. అతని పడవకు రేవు సంఘం ఇచ్చిన నంబరు ఉంది. ఈ ఏడు సంఘం కొత్త కట్టడి పెట్టింది. పరీక్షాధికారిని పడవలో ఎక్కించుకుని ఇంగ్లీషులో ఐదు ప్రశ్నలు అడగాలి. అడగలేని వాడి నంబరు తీసేస్తారు. నంబరు పోతే, యాభై ఎనిమిదేళ్ల ఖియెమ్‌ను ఇంకో పనికి పిలిచేవాళ్లు లేరు.

రిటైరైన టీచరమ్మ థుక్ అతనికి గుట్టుగా పాఠం చెబుతోంది. గుట్టు అతను కోరిందే. రేవులో తెడ్లు వేసే ఆడవాళ్ల నోళ్లలో పడటంకన్నా ఏట్లో పడటమే నయమనుకున్నాడు.

"మూడే మాటలు ఖియెమ్ అన్నా. హూజ్, విచ్, వాట్. ఎవరి, ఏ, ఏం. వాటిని ఒంటరిగా వదలకు. పక్కనే వస్తువు పేరు పెట్టు. ఎవరి టోపీ? ఏ పడవ? ఏం పండు?"

"పేరు వెతుక్కునేలోపు ముందుమాట జారిపోతోంది టీచరమ్మా."

"అయితే రాసి ఆ వస్తువుకే అంటించు. కనబడినప్పుడల్లా చదువు."

పదమూడు పసుప్పచ్చ కాగితాల మీద ఇంగ్లీషు ప్రశ్నలు రాసి, వరస తప్పకుండా నంబర్లు వేశాడు. పదకొండు తన బావికి, పంపరపనసకు, టోపీ తగిలించే మేకు పక్కన, అలా సర్దాడు. అతనికి పంది లేదు, పనసచెట్టు లేదు. అందుకని మిగిలిన రెండూ పొరుగింటి లుయెన్ పందులదొడ్డి గోడకొకటి, ఆమె పనసకొకటి అంటించి వచ్చాడు.

లుయెన్ కిటికీలోంచి చూస్తూనే ఉంది.

నిరుడు ఎగువ ఊళ్లో రోడ్డు వెడల్పు చేసినప్పుడు సర్వేవాళ్లు ఇలాగే నంబరు కాగితాలు అంటించారు. కాగితం ఉన్న చెట్టుకే పరిహారం ఇచ్చారు. లుయెన్ తన దొడ్డి గోడ దగ్గరికి వెళ్లి కాగితం చదివింది. అక్షరాలు తాను బళ్లో నేర్చినవే, వియత్నాం రాతలో ఉండేవే. మాట మాత్రం ఒక్కటీ అర్థం కాలేదు. అర్థం కాకుండా రాశారంటే దాచాల్సిందేదో ఉన్నట్టే.

"ఏంటన్నా, తెల్లారకుండానే గంజి బకెట్టు?"

"గంజా?" ఖియెమ్ బకెట్టు వెనక్కి జరిపాడు.

"ఆ కాగితాలేంటి?"

"ఏ కాగితాలు?"

"నా పనస మీదా, నా పంది గోడ మీదా ఉన్నవి."

"ఎవరి పంది?"

"ఎవరి పందా! నా పందిని పట్టుకుని ఎవరిదంటావా?"

ఖియెమ్ లోపలికి వెళ్లి గడియ వేసుకున్నాడు. లుయెన్ గోడ మీంచి అతని కాగితాలు లెక్కపెట్టింది. పదకొండు. తనకు రెండు. సర్వేవాళ్లు ఇతనితో ముందే మాట్లాడుకున్నారు. ఇక పంది కూడా ఇతని పేరున ఎక్కడమే తరువాయి.

సోమవారం ఆమె గోడ మీంచి అతని కాగితాలు కూడా చూసి, అదే రాతలో నలభై రాసింది. కొలతలవాళ్లు పడవలో వస్తే కనబడాలని ఏటి గట్టు చెట్లన్నిటికీ నీళ్లవైపే అంటించింది. సంగతి ఆడబిడ్డకొక్కదానికే, ఒట్టు వేయించుకుని చెప్పింది. మంగళవారానికి ఊరంతా పసుపు పూసినట్టైంది. జానెడుకొక పనసమొక్క లేచింది. ఒకాయన కోళ్లు లేకుండానే కోళ్లగూడు కట్టాడు. నమూనా కావలసినవాళ్లు ఖియెమ్ దొడ్డికి వచ్చి, అతని పదకొండూ ఒకటొకటిగా పీక్కుపోయారు.

"బావి కూడా బోసిపోయింది టీచరమ్మా," అన్నాడు ఖియెమ్ బుధవారం.

"ఊరినిండా ఉన్నాయిగా, వెళ్లి చదువుకో."

"ఎలా చదవను? గుమ్మం ముందు ఆగితే చీపురు తీస్తున్నారు. నేను లెక్కలు తీస్తున్నానట."

గురువారం పరీక్షాధికారి హావ్ కళ్లద్దాలు సర్దుకుని పడవెక్కాడు. మొదటి వంపు దాకా ఖియెమ్‌కు ఒక్క ప్రశ్నా గుర్తుకు రాలేదు. వంపు తిరగగానే గట్టంతా పసుప్పచ్చగా కనబడింది. ప్రతి చెట్టూ అతనికి ప్రశ్న అందిస్తోంది.

తెడ్లు కాళ్లలో ఉన్నాయి, చేతులు ఖాళీ. చూపిస్తూ అడిగాడు. "హూజ్ ట్రీ ఈజ్ దిస్?" "వాట్ ఫ్రూట్ ఈజ్ దిస్?" నాలుగు అయ్యాయి. అయిదోది పందులదొడ్డి గోడ. అక్కడ నీళ్లవైపు లుయెన్ తెలియక టోపీ కాగితం అంటించింది. ఖియెమ్ 'హూజ్' దాకా చదివి ఆగాడు. పందిని చూశాడు. టోపీ మాట వదిలేసి, పక్కన పంది పేరు తానే పెట్టి అడిగాడు.

"ఆపు పడవ!" అన్నాడు హావ్. "ప్రశ్నలు గట్టుకు అంటించి పరీక్షకొస్తావా? కాపీ కొట్టిన వాడికి నంబరు ఉండదు, తెలుసా?"

ఖియెమ్ తెడ్లు ఎత్తి పడవ ఆపాడు. గట్టు మీద లుయెన్ అప్పటికే పరుగున వచ్చింది. పడవలో కళ్లద్దాలాయన, చేతిలో పుస్తకం. తాను నాలుగు రోజులుగా ఎదురుచూసిన సర్వే మనిషి ఇతనే అనుకుంది.

"ఈ కాగితాలు ఎవరివి?" హావ్ అరిచాడు.

"నావే సార్! నలభై రెండూ నావే. నా చేత్తో రాసుకున్నా, నా గంజితో అంటించుకున్నా."

"ఇతనివి కావా?"

"ఆయనకెక్కడివి సార్! ఆయన దొడ్డికి వెళ్లి చూడండి, ఒక్క కాగితం ఉంటే నన్ను చెప్పుతో కొట్టండి."

ఇద్దరు రేవు మనుషులు వెళ్లి చూసి వచ్చారు. ఒక్కటీ లేదు.

"ఇన్ని ఎందుకు రాశావమ్మా?"

లుయెన్ గొంతు తగ్గించింది. "ఎందుకో మీకు తెలీదా సార్? అందరి ముందూ నాతో చెప్పించాలా?"

హావ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఊరికి ఇంగ్లీషు నేర్పాలని ఈ వయసులో ఇంత పట్టుదల అతను ఎక్కడా చూడలేదట. ఖియెమ్ పేరు పక్కన 'పాస్' అని రాశాడు. తర్వాత లుయెన్ పేరు రాసుకున్నాడు. పందులదొడ్డి కూడా రాసుకోమని ఆమె పట్టుబట్టింది.

రెండు వారాలకు లుయెన్‌కు రేవు సంఘం ముద్ర వేసిన ఉత్తరం వచ్చింది. ఊరంతా వాకిట్లో చేరింది. ఆమె గట్టిగానే చదవడం మొదలుపెట్టింది. రెండో వాక్యం దగ్గర గొంతు సన్నబడింది. సోమవారం నుంచి రేవులోని పడవవాళ్లందరికీ ఇంగ్లీషు ప్రశ్నలు నేర్పే ఉపాధ్యాయురాలు ఆమే. ఉత్తరం కింద ఆమె సంతకానికి చోటు వదిలారు. వద్దని రాయడానికి మాత్రం ఎక్కడా వదల్లేదు.